నలభై ఏడో నంబరు టోకెన్

మా అమ్మాయి పేరు వినుత. పేరులో 'విను' ఉందే కాని, ఎవరి మాటా వినదు. ఈ పదిహేడేళ్లలో అది శ్రద్ధగా విన్నది ఒక్కటే: ఇంగ్లండులో ఎనిమిది వందల ఏళ్ల నాటి విశ్వవిద్యాలయం ఒకటుందనీ, అక్కడ రాయి ఎందుకు పగులుతుందో, ఎప్పుడు పగులుతుందో నేర్పుతారనీ. కె.జి.ఎఫ్. బంగారు గనుల ఊళ్లో పుట్టిన పిల్లకు ఈ సరదా పుట్టడంలో వింత లేదు. మా ఇంటి గోడలో ప్రతి బీటకూ ఒక పుట్టినరోజు ఉంది. గని నడిచిన రోజుల్లో కింద రాయి పేలినప్పుడల్లా పైన మా గోడకు ఒక గీత పడేది.

నాకు రాబర్ట్‌సన్‌పేటలో ఫ్లెక్స్ బోర్డుల షాపుంది. ఊళ్లో ఎవరు పుట్టినా, పోయినా, గెలిచినా, ఓడినా నా మిషను మీదుగా పోవాల్సిందే. మాటలతో ఆడుకోవడం నా వృత్తీ, ప్రవృత్తీ. మా ఆవిడ రత్న దృష్టిలో విపత్తు.

ఆ విశ్వవిద్యాలయానికి అప్లికేషన్ పంపడం అయింది. 'నువ్వు ఎవరు, ఎందుకు రావాలనుకుంటున్నావు' అని నాలుగు వేల అక్షరాల వ్యాసం అడిగారు. నా షాపులో అయితే ఫోటో వేసి కింద 'మా ఆడపులి' అని రాస్తే సరిపోయేది. వినుత ఆరు వారాలు రాసింది, ఏడు వారాలు కొట్టేసింది. కాలేజీ మాస్టర్ల దగ్గర లేఖలు తెచ్చింది. ఇక మిగిలింది ప్రవేశ పరీక్ష. ఏడాదికి ఒక్కసారి, అక్టోబరులో, బెంగళూరులో. పదకొండున్నరకు తలుపు మూస్తారు. అసలు పాస్‌పోర్టు చేతిలో లేకుంటే లోపలికి రానివ్వరు. ఆ పరీక్ష తప్పితే ఈ ఏటి అప్లికేషన్ అక్కడితో చిత్తుకాగితం.

పరీక్ష దానిది, శిక్ష నాది. వారం రోజులుగా నాకు అన్నం దిగలేదు. అది పైకి ధీమాగానే ఉంది కాని, పెన్సిళ్లన్నీ ఎలుక కొరికినట్టు తయారయ్యాయి. భయం ఉభయులదీ. ఉభయంలోనే భయం ఉంది, కావాలంటే చూసుకోండి. ఇక బెంగళూరంటారా, దాని పేరు మొదలయ్యేదే బెంగతో.

ఇక్కడ మా నాన్న చౌడప్ప సంగతి చెప్పాలి. ఆయన ముప్ఫై ఏళ్లు గని ముఖద్వారం దగ్గర టోకెన్ల గదిలో పనిచేశాడు. కిందికి దిగే ప్రతి మనిషీ తన నంబరున్న ఇత్తడి టోకెన్ తీసుకుని దిగాలి. పైకి వచ్చాక మళ్లీ తన కొక్కేనికి తగిలించాలి. షిఫ్టు ముగిసేసరికి కొక్కెం ఖాళీగా ఉంటే ఆ మనిషి ఇంకా కిందే ఉన్నాడని అర్థం. అప్పుడు వెతకడానికి జనం దిగుతారు. గని మూతపడ్డ రోజు మా నాన్న ఒక చెక్క బోర్డునూ, గుప్పెడు టోకెన్లనూ ఇంటికి తెచ్చుకున్నాడు. గనిలో పని పోయింది గాని, పనిలో గని పోలేదు. అప్పటినుంచీ మా ఇంట్లో ఊరు దాటేవాళ్లు ఎవరైనా ఒక టోకెన్ తీసుకుని, తమ వస్తువు ఒకటి కొక్కేనికి తగిలించి పోవాలి. తిరిగొచ్చాక టోకెన్ ఇచ్చి వస్తువు తీసుకోవాలి. నేను తిరుపతికి పోతే నా గడియారం, రత్న పుట్టింటికి పోతే దాని దువ్వెన. మాకది అలవాటైపోయింది. చెప్పుల్లాగా, తాళంచెవి లాగా.

పరీక్ష రోజు పొద్దున మారికుప్పం స్టేషనులో బెంగళూరుకు ఏడింటి బండెక్కాం. నేను మొదలుపెట్టాను.

"హాల్ టికెట్?"

"ఉండాదప్పా."

"నీళ్లు?"

"ఉండాయి."

"పాస్‌పోర్టు?"

"అప్పా! చాంపియన్‌లో అడిగితివి, ఊరుగాంలో అడిగితివి, కోరమండల్‌లో అడిగితివి. స్టేషనుకొకసారి అడిగేదానికి నువ్వేమన్నా టీసీనా?"

"ఒక్కసారి కంటితో చూపిచ్చు తల్లీ. ఇంగ నోరు మూసుకుంటాను."

"నువ్వా? నోరా?" అని అది సంచీ జిప్పు లాగింది. అప్పటికి బండి బంగారుపేటలో ఆగింది. లోపలికి పోయిన చెయ్యి కాసేపు తడిమింది. బయటికి వచ్చినప్పుడు అందులో ఉన్నది నీలం పుస్తకం కాదు. ఇత్తడి బిళ్ల. నంబరు నలభై ఏడు.

పాస్‌పోర్టు పోయిన చోట గుండెపోటు వచ్చింది నాకు.

వినుత సంచీని సీటు మీద బోర్లించింది. పెన్సిళ్లు, రబ్బరు, రత్న కట్టిచ్చిన చిత్రాన్నం డబ్బా, అన్నీ ఉన్నాయి. నేను ఇంటికి ఫోన్ చేశాను.

"నాయనా! వినూ సంచీలో పాస్‌పోర్టు నువ్వేమన్నా తీసినావా?"

"తీసినాను. కొక్కేనికి తగిలించినాను," అన్నాడు మా నాన్న, ఆవులిస్తూ. "బిడ్డ తొందరలో ఏమీ పెట్టకుండానే పోతాండె. సంచీ పైనే నీలం బుక్కుండె, కవరుకు చిల్లి గూడా ఉండె. దాన్ని తగిలించి టోకెన్ లోపల పెట్టినాను."

"అది పాస్‌పోర్టు నాయనా!"

"నాకు తెలీదా? అది ఏరోప్లేనుకు గదరా. మీరు పోయేది మారికుప్పం బండిలో. దానికి పాస్‌పోర్టు యాల?"

ఆయన లెక్కలో తప్పేముంది? ఫోన్ రత్నకు ఇమ్మన్నాను. పక్కింటి తిమ్మరాయప్పకు కారుంది, అతన్ని లేపి పాస్‌పోర్టుతో బంగారుపేటకు పంపమన్నాను. బండి కూత వేసింది.

"నువ్వు దిగప్పా," అంది వినుత. "కారులో అది తీసుకోని రా. నేను బండిలోనే పోయి గేటుకాడ నిలబడతాను."

"ఒంటిగానా? నువ్వు ఒంటిగా ఈ స్టేషను దాటి ఎప్పుడన్నా పోయినావా?"

"ఇంగ్లండుకు మాత్రం నువ్వొస్తావా?"

బండి కదులుతుంటే దిగాను. దిగినవాణ్ణి నేనే, ఎక్కింది మాత్రం దిగులు. కిటికీలో దాని పిడికిలి కనిపించింది. లోపల టోకెన్ ఉందని తెలుసు, అంత గట్టిగా మూసుకుంది. ఆ క్షణం వరకూ నేను భయపడింది పరీక్ష గురించే అనుకున్నాను. బండి చివరి పెట్టె మలుపు తిరిగాక తెలిసింది, కాదని.

కారు వచ్చేసరికి ఎనిమిదిన్నర దాటింది. వెనక సీట్లో మా నాన్న కూర్చుని ఉన్నాడు. పాత ఖాకీ కోటు, దాని లోపలి జేబు మీద కుడిచెయ్యి.

"నువ్వు యాల వచ్చినావు నాయనా? ఇట్లియ్యి."

"టోకెన్?"

"వినూ దగ్గరుండాది."

"అట్లయితే వినూ చేతికే ఇస్తాను."

తిమ్మరాయప్ప స్టీరింగు మీద తల ఆనించాడు. "శశన్నా, ఇంటికాడ అర్ధగంట ఇదే పంచాయితీ. రత్నక్క ఏడ్చింది గూడా. పెద్దాయన్ను కుర్చీతో సహా ఎత్తి తెచ్చినాను. కారులో పట్టలేదని కుర్చీ ఒకటి దింపినాను."

లాక్కోవచ్చు. ఎనభై రెండేళ్ల మనిషి. నా చెయ్యి ముందుకు పోయింది కూడా. కాని జేబు మీద ఆయన వేళ్లు వణకడం చూశాను. మొండికేసిన రోజుల్లో ఆయన చెయ్యి రాయిలా ఉంటుంది. ఆ వణుకు నాకు కొత్త. ఎక్కి కూర్చుని, "పోనీయప్పా" అన్నాను.

కోలారు దాటాక మా నాన్న కిటికీలోకి చూస్తూ చెప్పాడు.

"శ్రీరామప్ప అని నాకు జతగాడుండె. ఒకరోజు దిగేటప్పుడు చెప్పినాడు, 'చౌడా, సాయంత్రం ఇంకో దోవలో పైకొచ్చి అట్లే ఇంటికి పోతాను, పెండ్లానికి నొప్పులు. నా టోకెన్ నువ్వే తగిలించు' అని చేతిలో పెట్టి పోయినాడు. సరే అన్నాను. షిఫ్టు అయినంక తగిలించినాను. ఆ పొద్దే కింద రాయి పేలింది. బోర్డు చూసినారు. అన్ని కొక్కేలూ నిండుండాయి. అందురూ పైకొచ్చినారని రాసుకున్నారు. ఎవురూ దిగలేదు."

తిమ్మరాయప్ప కారు వేగం తగ్గించాడు. నేను అతని భుజం మీద తట్టాను, తగ్గించొద్దని.

"పదారు గంటలు. నిచ్చెనలు పట్టుకోని వాడే ఎక్కి వచ్చినాడు, చీకట్లో, ఒక చెయ్యి విరిగి. నన్ను తిట్టలేదురా. ఒకే మాట అడిగినాడు. 'ఎవురూ యాల రాలేదు చౌడా?' అని." మా నాన్న జేబును ఇంకాస్త ఒత్తుకున్నాడు. "మనిషిని కంటితో చూడకుండా నేను ఇంగ దేన్నీ చేతులు మార్చను."

ఇన్నేళ్లూ ఆ బోర్డు మీద నేను ఎన్ని జోకులు వేశానో లెక్కలేదు. ఇంటికొచ్చిన చుట్టాలందరికీ 'మా ఇంట్లో మాట తప్పినా ఫరవాలేదు, మేకు తప్పకూడదు' అని చెప్పి నవ్వించేవాణ్ణి.

హోసకోట దాటాక ఫోన్ మోగింది.

"అప్పా, గేటుకాడ ఉండాను. యాడికొచ్చినారు?"

"వచ్చేసినాము తల్లీ."

"అందురూ లోపలికి పోతాండారు."

"వచ్చేసినాము."

బెంగళూరు శివార్లలో, కృష్ణరాజపురం దగ్గర ట్రాఫిక్కులో కారు ఇరుక్కుంది. పది యాభై. ముందు లారీ, వెనక లారీ, పక్కన నీళ్ల ట్యాంకరు. కె.జి.ఎఫ్. అంటే కేజీల కొద్దీ ఫియర్ అని నేను ఎవరితోనో ఎప్పుడో అన్నాను. ఆ కేజీలన్నీ నా రొమ్ము మీద పెట్టినట్టుంది. ఫోన్ మళ్లీ మోగింది.

"అప్పా, నేనొకదాన్నే మిగిలినాను." ఈసారి దాని గొంతు చిన్నపిల్ల గొంతులా ఉంది. "గార్డు అడగతాండాడు, వస్తారా రారా అని."

మా నాన్న నా చేతిలోంచి ఫోన్ లాక్కున్నాడు. "వినూ! తాతను. నీ నంబరెంత?"

"నలభై ఏడు తాతా."

"చేతిలో ఉండాదా?"

"ఉండాది."

"అయితే నువ్వు యాడుండావో నాకు తెలుసు. కదలద్దు. నేను వస్తాండాను."

తిమ్మరాయప్ప ఏం చేశాడో, ఏ సందులో దూరాడో నాకు సరిగ్గా గుర్తు లేదు. ఒక కూరగాయల బండివాడు మమ్మల్ని తిట్టాడు, అది మాత్రం గుర్తుంది. పదకొండు ఇరవై నాలుగుకు ఒక అద్దాల భవనం ముందు ఆగాం. గేటు దగ్గర వినుత ఒక్కతే నిలబడి ఉంది. పక్కన గార్డు గడియారం చూసుకుంటున్నాడు.

మా నాన్న కారు పూర్తిగా ఆగకముందే దిగాడు. మనవరాలి ఎదురుగా నిలబడి, ముఖం ఎగాదిగా చూసి, అరచెయ్యి చాపాడు. వినుత టోకెన్ ఆ చేతిలో పెట్టింది. ఆయన జేబులోంచి నీలం పుస్తకం తీసి ఇచ్చాడు. అది పరుగెత్తింది. వెనక్కి చూడలేదు. అద్దాల తలుపు మూసుకుంది.

నేను గేటు కమ్మీ పట్టుకుని ఊపిరి వదిలాను. "అయిపోయింది నాయనా. పోయి కాఫీ తాగుదాం రా."

ఆయన కదలలేదు. తెరిచిన అరచేతిని చూసుకుంటున్నాడు. నలభై ఏడో నంబరు ఎండలో మెరుస్తోంది.

"శశీ," అన్నాడు. "మళ్లా అదే పని చేసినాను గదరా. టోకెన్ నా చేతిలో ఉండాది. బిడ్డ లోపలుండాది."

"పరీక్ష రాసేదానికి పోయింది నాయనా. గనిలోకి కాదు."

"నువ్వు చూసినావా లోపల?"

చూడలేదు. నిజమే. ఆ తలుపు వెనక ఏముందో నాకు తెలియదు. దాని వెనక ఇంగ్లండు ఎలా ఉంటుందో అసలే తెలియదు. అక్కడ పడిపోతే దాని కోసం ఎవరు దిగి వెళతారో, ఏ బోర్డు చూసి వెళతారో కూడా తెలియదు.

గార్డు జాలిపడి ప్లాస్టిక్ కుర్చీ తెచ్చాడు. మా నాన్న కూర్చోలేదు. టోకెన్‌ను రెండు వేళ్లతో గాలిలో పట్టుకుని నిలబడ్డాడు, జేబులో వేసుకుంటే కొక్కెం నిండినట్టవుతుందని కాబోలు. రెండున్నర గంటలు. చెయ్యి నొప్పి పుట్టినప్పుడు నాకు ఇచ్చాడు. నేను కూడా అలాగే పట్టుకున్నాను. దారిన పోయేవాళ్లు మమ్మల్ని చూసి ఏదో దేవుడి మొక్కు తీర్చుకుంటున్నారనుకున్నారు. నవ్వుతారేమోనని నాకు అనిపించలేదు.

రెండింటికి తలుపు తెరుచుకుంది. పిల్లలు గుంపుగా వచ్చారు. ఒక్కొక్క ముఖమే చూశాం. అది కాదు, ఇదీ కాదు. చివర్న, చాలా చివర్న, జుట్టు రేగిపోయి వినుత వచ్చింది.

"ఎట్ల రాసినావు తల్లీ?" అన్నాను.

"తెలీదప్పా. మొదటి పది నిమిషాలు చేతులు ఆడలేదు. లెక్కలు చూస్తాంటే కండ్లకు నంబర్లన్నీ నలభై ఏడే. మళ్లా సర్దుకున్నాను. చివర రెండు వదిలేసినాను." కళ్లు తుడుచుకుంది. "వస్తాదో రాదో."

మా నాన్న పరీక్ష గురించి ఏమీ అడగలేదు. దాని చెయ్యి పట్టుకుని వేళ్లన్నీ ఒకసారి తడిమి చూశాడు. తరువాత టోకెన్ అందులో పెట్టాడు.

"ఇంటికొచ్చి నీ చేత్తోనే తగిలించు."

సాయంత్రం ఇల్లు చేరాక అది అలాగే చేసింది. బోర్డు మీద ఇత్తడి టక్కుమన్నాక గాని రత్న కాఫీ కలపలేదు. మా నాన్న గోడకు ఆనుకుని కూర్చున్నాడు.

"సీటొస్తే పాస్‌పోర్టు నీతోనే పెట్టుకోవాల గదా. మరి కొక్కేనికి ఏం తగిలించి పోతావు వినూ? దువ్వెనా, గాజూ అంటే నేనొప్పను. మూడేండ్ల మాట."

వినుత ఆలోచించింది. "అప్పను తగిలించి పోతా తాతా."

రత్న నవ్వింది. నేను కూడా నవ్వబోయి కాఫీ గ్లాసు కింద పెట్టాను. మా నాన్న మాత్రం నవ్వలేదు. కింది నుంచి పైదాకా నన్ను చూశాడు, ఆ కొక్కేన్ని చూశాడు, లేచి దాన్ని వేలితో ఊపి చూశాడు.

"ఇది ఆగదు," అన్నాడు. "శశీ, రేపు పెద్ద మేకు తీసుకోని రా."