తాడెక్కే ఉడుత

వీధిలో పిల్లలందరూ ఆయన్ను బాతు మావయ్య అంటారు. పిల్లలనేముంది, కూరలమ్మే ఆమె కూడా అలాగే పిలుస్తుంది. తాడు పట్టుకుని లాగితే తల ఊపుకుంటూ, పాదాలు టపటపలాడించుకుంటూ వెనకాలే వచ్చే చెక్కబాతు ఆయన చేసిందే మరి. ఏళ్ల తరబడి ఆ బాతే ఇంటిల్లిపాదికీ అన్నం పెట్టింది. కానీ ఎంత మంచి బాతయినా ఎన్నాళ్లు నడుస్తుంది? దుకాణాలవాళ్లు "ఇంకేమైనా కొత్తది ఉందా?" అని అడగడం మొదలుపెట్టారు. లేదు. అదీ గొడవ.

కార్ఖానా అంటే ఏదో పెద్దదనుకునేరు. ఇంటి వెనక రేకుల షెడ్డు, అందులో ఒక లేత్, ఒక రంపపు బల్ల, గోడకి వరసగా ఉలులు. చెక్కపని ఆయనది, ఊరంతా తిరిగి అమ్ముకొచ్చే పని బావమరిదిది. ఇద్దరికీ చెరిసగం.

"బావా, ఈ నెలాఖరు దాకా చూద్దాం" అన్నాడు బావమరిది ఒకరోజు. "కొత్త బొమ్మ తయారైందా, సరే. కాలేదా, లేత్ అమ్మేసి ఈ షెడ్డులో తలుపులూ కిటికీలూ చేసుకుందాం. బొమ్మ లేకపోయినా ఇల్లు గడుస్తుంది గానీ తలుపు లేకపోతే గడవదు కదా."

అతను చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే నాలుగు తిట్టుకుని ఊరుకోవచ్చు, ఆ సుఖం కూడా లేకపోయింది. తలుపులు చెయ్యడం ఆయనకి చేతకాక కాదు. కానీ తలుపుని చూసి కిలకిలా నవ్వేవాళ్లెవరు? బొమ్మలు మానేస్తే తనకి పనుంటుంది, తను మాత్రం ఉండడేమోనని ఆయన భయం. ఆ మాట ఎవరికీ చెప్పుకోలేదు.

మంచి ఆలోచన రావాలంటే ప్రశాంతంగా ఉండాలని ఎవరో చెప్పారు. అంతే, ముందుగది ఖాళీ చేయించాడు. కిటికీ దగ్గర బల్ల, దాని మీద తెల్లకాగితాలు, సన్నగా చెక్కిన పెన్సిళ్లు. పొద్దున్నే స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని కూర్చునేవాడు. ఇంట్లో మిక్సీ వెయ్యకూడదు. కూతురు స్నేహితురాళ్లతో ఫోన్లో మాట్లాడాలంటే డాబా ఎక్కాలి. భార్య పిల్లిలా వచ్చి టీ పెట్టి పిల్లిలా వెళ్లిపోవాలి. ఆవిడ కొన్నాళ్లు ఓపిక పట్టింది. ఆ తరవాత గుమ్మంలో నిలబడి అడిగేసింది.

"ఏమండీ, ఆవిడ ఇంకా రాలేదా?"

"ఎవరు?"

"అదే, మీరు ముస్తాబై ఎదురుచూస్తున్నావిడ. నన్ను చూడ్డానికి వచ్చినప్పుడు కూడా ఇంత శుభ్రంగా రాలేదు మీరు."

"నీకంతా వేళాకోళమే!" అని విసుక్కున్నాడు. విసుక్కున్నాడు గానీ లోపల ఆయనకీ అదే దిగులు. ఏం గీసినా బాతే వస్తోంది. కుందేలు గీస్తే చెవులున్న బాతు, ఏనుగు గీస్తే తొండమున్న బాతు. కాగితాలు ఉండలు చుట్టి పారేసేసరికి గది మూలంతా నిండిపోయింది.

ఇలా ఉండగా అత్తగారు దిగింది. ఆవిడకి పక్షవాతం వచ్చి కాలు కుదుటపడింది గానీ ఎడమచెయ్యి ఇంకా స్వాధీనంలోకి రాలేదు. కొడుకింట్లో మెట్లెక్కలేక కూతురింటికి వచ్చింది. వ్యాయామం నేర్పడానికి వచ్చే ఫిజియోథెరపీ అమ్మాయి ఒక పచ్చ స్పాంజి బంతి చేతికిచ్చి, ఎడమచేత్తో నొక్కుతూ ఉండమంది. లేకపోతే వేళ్లు అలాగే బిగుసుకుపోతాయంది. ముందుగదిలో వెలుతురు బాగుంటుందని భార్య వాళ్లమ్మ కుర్చీ తెచ్చి సరిగ్గా ఈయన బల్లకెదురుగా వేసింది. అత్తగారాయె, ఏమంటాడు పాపం? కాగితాలు తన వైపు జరుపుకున్నాడు.

"అల్లుడుగారూ, బంతి పడిపోయింది."

బల్ల కిందికి దూరి తీసిచ్చాడు. పెన్సిలు పట్టుకున్నాడో లేదో మళ్లీ పిలుపు.

"అల్లుడుగారూ!"

ఈసారి బంతి బీరువా కిందికి పోయింది. దుమ్ములో పాకి తెచ్చాడు. "కాస్త గట్టిగా పట్టుకోండి అత్తయ్యగారూ" అన్నాడు పళ్ల బిగువున.

"గట్టిగా పట్టుకునే చెయ్యయితే నాకీ బంతెందుకు బాబూ?"

కాసేపటికి చూస్తే ఆవిడ బంతిని కుడిచేత్తో నొక్కుతోంది.

"ఎడమచేత్తో కదండీ నొక్కాల్సింది?"

"నొక్కితే ఏమొస్తుంది?" అంది ఆవిడ, కళ్లల్లో నీళ్లు తిరుగుతుంటే. "మొద్దు బంతి. నొక్కినా ఉలకదు, మానేసినా పలకదు. ఎవరికోసం నొక్కాలి నేను?" అంటూ బంతిని విసిరేసింది.

ఆయనకి ఒళ్లు మండింది. జాలి కూడా వేసింది, అబద్ధమెందుకు, కానీ ముందు మండింది. బంతికి బెజ్జం పొడిచి, దారం కట్టి, ఆ దారాన్ని కిటికీ పైఊచ మీంచి వేసి, రెండో కొస ఆవిడ కుడిచేతిలో పెట్టాడు. "ఇక పడిపోయినా మీరే లాక్కోవచ్చు. నన్ను పిలవకండి" అని వెళ్లి కూర్చున్నాడు.

కాసేపటికి నవ్వు వినిపించింది. జబ్బు చేశాక అత్తగారు నవ్వడం అదే మొదలు.

"అల్లుడుగారూ, చూడండి! ఎలా ఎక్కుతోందో వెధవ!"

ఈసారి తిట్టేద్దామనే తలెత్తాడు. ఆవిడ దారం లాగితే బంతి పైకి పాకుతోంది, వదిలితే సర్రున దిగుతోంది. ఆవిడ ముఖం దాంతోపాటు పైకీ కిందికీ కదులుతోంది. ఆయన నోటిదాకా వచ్చిన తిట్టు అక్కడే ఆగిపోయింది. కుడిచెయ్యొక్కటే లాగుతోంది. రెండు చేతులూ లాగితే తప్ప ఎక్కనిదైతే? ఎడమచెయ్యి లాగితే అది పలికితే?

షెడ్డులోకి పరుగో పరుగు.

"ఏమైందండీ?" అంది భార్య గాభరాగా.

"నువ్వు మిక్సీ వేసుకోవే!" అని లోపల్నించి కేకేశాడు.

పైన అడ్డకర్ర, దానికి వేలాడే రెండు తాళ్లు, వాటి మీద పాకే చెక్క ఉడుత. మొదటిదానికి చేతుల్లో బెజ్జాలు నిటారుగా పెట్టాడు. తాళ్ల మీద నిలవక జారిపోయింది. రెండోదానికి ఏటవాలుగా తొలిచాడు, కుడితాడూ ఎడమతాడూ మార్చి మార్చి లాగితే బుడిబుడిగా ఎక్కింది. తాడు గరుగ్గా ఉందని అత్తగారు పేచీ పెడితే నున్నటిది వేశాడు. వేళ్లకి దొరకట్లేదంటే కొసలకి పెద్ద చెక్కపూసలు కట్టాడు. చొక్కా నిండా పొట్టు, జుట్టు నిండా పొట్టు. ముందుగది బల్ల సంగతే గుర్తు లేదు.

పొట్టు ఊడవడానికొచ్చిన భార్య చీపురు పట్టుకుని నిలబడిపోయింది. "బాతు కూడా ఇంతే కదండీ. మన పిల్ల నడవనని మొండికేస్తే, వెనకాల ఏదైనా వస్తే నడుస్తుందేమోనని చేశారు. అప్పుడు మీరెవరి కోసమూ ఎదురుచూడలేదు."

ఆయన ఉలి పక్కన పెట్టాడు. నిజమే. అప్పుడు పిల్లని చూశాడు. ఇన్నాళ్లూ కాగితాన్ని చూస్తూ కూర్చున్నాడు.

అంతా బాగానే ఉంది గానీ అత్తగారి ఎడమచెయ్యి మాత్రం లాగలేదు. కుడితాడు లాగితే ఉడుత ఒక పక్కకి ఒరిగి, ఎడమతాడు కోసం చూస్తున్నట్టు అలాగే వేలాడేది. ఆవిడ రోజూ పూస చుట్టూ వేళ్లు వేసి, పెదవి బిగబట్టి, చెమటలు పట్టేదాకా ప్రయత్నించి చెయ్యి దింపేసేది. బంతిలా విసిరి మాత్రం కొట్టలేదు.

నెలాఖరుకి బావమరిది షెడ్డు కొలుచుకోవడానికి టేపు పట్టుకుని వచ్చాడు. కిటికీకి వేలాడుతున్న ఉడుతని చూసి తనే రెండు తాళ్లూ లాగాడు.

"బాగానే ఉంది బావా. అమ్మ లాగుతోందా?"

"ఇంకా లేదు" అన్నాడు ఆయన నేల చూపులు చూస్తూ.

"నన్నడగవేంరా? నేనిక్కడ లేనా?" అంది అత్తగారు కుర్చీలోంచి. "ఇలా తే."

కుడిచేత్తో లాగింది. ఉడుత ఒరిగింది. ఎడమచేతి వేళ్లు పూసని పట్టుకున్నాయి, భుజం లేచింది, మెడ నరాలు ఉబ్బాయి. ఏమీ కాలేదు. ఊపిరి పీల్చుకుని మళ్లీ పట్టింది. పూస కిందికి జరిగింది. వేలెడంతే, కానీ జరిగింది. ఉడుత తిన్నగా లేచి ఒక అంగ పైకి వేసింది.

కుడి, ఎడమ, కుడి. ఎడమ దగ్గర ఆగుతుంది, వణుకుతుంది, మళ్లీ కదులుతుంది. అలా అలా ఉడుత ముక్కు వెళ్లి పైన కర్రకి తగిలింది. బావమరిది చిన్నపిల్లాడిలా భోరుమన్నాడు.

"ఏడుస్తావేంరా, వెర్రినాగన్నా!" అంది అత్తగారు, తనూ కళ్లు తుడుచుకోబోతూ. తుడుచుకోవడానికి లేచింది ఎడమచెయ్యే, అదీ సగం దాకానే. "అల్లుడుగారూ, తాడు మరీ పొట్టిగా ఉంది. అప్పుడే అయిపోతే ఎలా? ఇంకా పైకి కట్టండి."

"ఎంత పైకమ్మా?" అన్నాడు కొడుకు ముక్కు ఎగబీలుస్తూ.

ఆవిడ మెడ వెనక్కి వాల్చి పైకప్పు కేసి చూసింది. బావమరిది ఇంకో కుర్చీ ఎక్కి నిలబడ్డాడు. టేపు బర్రున లాగి కిందికి వదిలాడు.

"బావా, తలుపులు ఎవరైనా చేసుకుంటారులే. ఆ చివర పట్టుకో."