ఆకుపచ్చ కోటు మోచెయ్యి

నది కట్ట తెంపుకుని వీధుల్లోకి వచ్చి, కొట్టు గోడ మీద నడుమెత్తున బురద గీత పెట్టిపోయిన వరదకి మూడో ఏడు అది. ఆ రోజు పొద్దున ఎనిమిదిన్నరకి చిరుగులు పూడ్చే రఫ్ఫాయన కిటికీ పక్కన ముక్కాలిపీట మీద కూర్చుని, ఒక గళ్ళ చొక్కా భుజాన్ని మోకాలి మీద పరుచుకుని ఉన్నాడు. భుజం మీది చిరుగు సగం పూడింది. నిలువు దారాలు ముందురోజే వేసేశాడు. ఇప్పుడు అడ్డం దారం నేస్తున్నాడు, ఒకదాని మీదుగా, ఒకదాని కిందుగా. సూది దూరేటప్పుడు ఊపిరి బిగబట్టి, దూరాక వదులుతాడు. అతను పనిలో ఉంటే పక్కవాళ్ళకి ఎవరో నిద్రలో నిట్టూరుస్తున్నట్టు వినిపిస్తుంది.

మనిషి పొట్టి. ముక్కు పెద్దది, కళ్ళద్దాలు జారి జారి దాని చివర ఆగుతాయి. సూది పట్టే కుడిచేతి వేళ్ళు కాయలు కాసి, వేడి గిన్నె పట్టుకున్నా తెలియనంత మొద్దుబారాయి. ఎడమ బొటనవేలు మాత్రం పసిపిల్ల బుగ్గలా మెత్తన. బట్టలో ఒక్క దారం ఎక్కువున్నా దానికి తెలిసిపోతుంది. వేసుకున్న చొక్కా మాత్రం రెండు మోచేతుల దగ్గరా పిగిలిపోయి ఉంటుంది. "లోకంలో చిరుగులన్నీ మీవే, మీ చొక్కా ఒక్కటే మీది కాదా?" అని ఇంటావిడ ముప్పై ఏళ్ళుగా అడుగుతోంది. అతనికి కోపం వస్తే మాట పోతుంది. కోపం లేనప్పుడు కూడా పెద్దగా ఉండదు.

ఈ మధ్య కోపం లేని రోజంటూ లేదు.

పూర్వం ఆ కొట్లో అమ్మేది పాత బట్టలు, అంతే. ఇళ్ళల్లో వద్దనుకున్నవి మూటలు కట్టి పంపేవాళ్ళు. ఉతికి, చిరుగు కనపడకుండా నేసి, గుండీలు కుట్టి, ఇస్త్రీ పెట్టి అమ్మేవాళ్ళు. కొత్తది కొనలేనివాళ్ళు వచ్చేవాళ్ళు. ఒకడికి ఉద్యోగంలో మొదటి రోజు, ఒకడికి కోర్టులో వాయిదా, ఒకామెకి కూతురి బడిలో ఏదో సభ. కొనుక్కుని, అక్కడే తొడుక్కుని, వీపు నిటారుగా పెట్టుకుని బయటికి నడిచేవాళ్ళు. ఆ వీపుల్ని కిటికీలోంచి మలుపు తిరిగేదాకా చూడటమే రఫ్ఫాయనకి జీతం కాక మిగిలిన సంపాదన.

వరద తరవాత కొట్టు పెట్టిన పెద్ద షావుకారు కోలుకోలేదు. ఆయన పోయాక కోడలు కొట్టు చేతిలోకి తీసుకుంది. బోర్డు మార్చి, పాతదనమే గొప్పన్నట్టు వింటేజ్ అని రాయించింది. సున్నం వేసేవాడు వస్తే బురద గీత జోలికి పోవద్దని చెప్పి, దాని మీద చిన్న దీపం పెట్టించింది. వచ్చినవాళ్ళు ఆ గీతకి ఆనుకుని ఫోటోలు దిగుతారు. ఆ నీళ్ళలో రెండు పగళ్ళు నిలబడి మూటలు మేడ మీదికి మోసింది రఫ్ఫాయనా, అతని బావమరిదీ. అక్కడ పళ్ళికిలించి నిలబడ్డ ప్రతి మొహాన్నీ అతను సూది మీంచి ఒక్కసారి చూసి తల దించేసుకుంటాడు.

ఇప్పుడు వచ్చేవాళ్ళు కాలర్లు వాసన చూస్తారు. తోలు సంచి పగిలి ఉంటే మురిసిపోతారు. చిరుగు మీద వేలు పెట్టి, "ఇది నిజమైన చిరుగేనా?" అని అడుగుతారు. అడిగినప్పుడల్లా రఫ్ఫాయన చెవులు ఎర్రబడతాయి.

పదిన్నరకి బావమరిది ఇస్త్రీ బల్ల దగ్గర ఆవిరి మధ్య నిలబడి ఉన్నాడు. లావుపాటి మనిషి, నోరు ఊరుకోదు.

"బావా, ఇందాక ఒకాయన మాసిన టోపీ కొన్నాడు. ఉతకొద్దన్నాడు. ఆ మాపుకే ధరట."

రఫ్ఫాయన సూదిలోకి కొత్త దారం ఎక్కించాడు.

"మా ఆవిడకి చెప్పాలి. స్నానం చెయ్యి, స్నానం చెయ్యి అని ఇన్నేళ్ళు నా పరువు తీసింది. అలాగే వదిలేసుంటే ఈపాటికి షోకేసులో ఉండేవాణ్ణి."

"నిన్నెవడు కొంటాడు?" అన్నాడు రఫ్ఫాయన తల ఎత్తకుండా. "దానికి చిరుగులుండాలి. నీకు కొవ్వు తప్ప ఏముంది?"

బావమరిది ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టి మరీ నవ్వాడు. అతని నాన్న దగ్గరే రఫ్ఫాయన ఈ పని నేర్చుకున్నాడు. మూడో తరగతితో బడి మానేసి వచ్చిన పిల్లాడి ముందు ఆ ముసలాయన ఒక తెల్ల దుప్పటి పడేసి, "ఇందులో నేను నేసిన చోటుంది. వెతుకు," అన్నాడు. పిల్లాడు సాయంత్రందాకా వెతికి, దొరక్క, కోపంతో ఏడ్చాడు. "ఏడిస్తే పనికొస్తావు. నవ్వి లేచిపోయుంటే ఇంటికి పంపేసేవాణ్ణి," అని ముసలాయన పీట చూపించాడు. పదేళ్ళ తరవాత కూతుర్ని ఇచ్చాడు. కొడుకు చేతికి మాత్రం సూది ఇవ్వలేదు, ఇస్త్రీ పెట్టె ఇచ్చాడు.

పదకొండు దాటాక కళ్ళజోడు పెట్టుకున్న ఒక అమ్మాయి కాగితం సంచితో వచ్చింది. సంచిలోంచి ఆకుపచ్చ ఉన్ని కోటు తీసి అద్దం బల్ల మీద పరిచింది.

"మేడమ్, దీని మోచెయ్యి ఏమైంది?"

"ఏమైందమ్మా? ఉంది కదా," అంది కోడలు.

"చిరుగు మేడమ్. ఎడమ మోచేతి దగ్గర ఉండాలి. దాన్ని చూసే కొన్నాను. చేతులు పొడుగున్నాయని అంగుళం తగ్గించమని ఇచ్చి వెళ్ళాను. ఇంటికెళ్ళి చూస్తే చిరుగే లేదు. ఇదిగో, ఫోటో కూడా ఉంది."

కోడలు ఫోటో చూసింది. కోటు చూసింది. కిటికీ వైపు తిరిగింది.

"బాబాయ్."

పోయిన వారం ఆ కోటు చేతులు తగ్గించడానికే అతని దగ్గరికి వచ్చింది. తగ్గించాడు. కానీ మోచేతి దగ్గర రూపాయంత చిల్లు నోరు తెరుచుకుని ఉంది. ఆ పిల్ల చలిలో ఆ మోచెయ్యి బల్లకి ఆనించి చదువుకుంటుందేమో అనిపించింది. అసలు అంత ఆలోచన కూడా లేదు. ఆకలేసినవాడి చెయ్యి కంచంలోకి వెళ్ళినట్టు వెళ్ళిపోయింది. రోజున్నర పట్టింది. పూర్తయ్యాక కిటికీకి అడ్డంగా పట్టుకుని చూసుకుని, చాలా ఏళ్ళ తరవాత, బావమరిదికి చూపించాలనుకున్నాడు. చూపించకుండానే మడత పెట్టేశాడు.

"దీన్ని పూడ్చమని ఎవరన్నారు బాబాయ్?"

"చలికోటమ్మా అది. చిల్లుంటే పూడ్చనా?"

"నేను చెప్పింది చేతులు తగ్గించమని."

"తగ్గించాను."

కోడలు పెదవి కొరుక్కుంది. "సరే. విప్పెయ్యి."

నలభై ఏళ్ళ పనిలో విప్పెయ్యి అన్న మాట అతను ఎన్నడూ వినలేదు. కదల్లేదు. కోడలే కోటు కిటికీ దగ్గరికి తెచ్చింది. ముందు బయటి వైపు చూశారు. తరవాత తిరగేసి లోపలి వైపు చూశారు. అమ్మాయి ఫోటో పక్కన పెట్టుకుని, "ఇక్కడ మేడమ్... కాదు, ఇంకొంచెం పైన... కాదు," అంటూ పోయింది. కోడలి కళ్ళు మంచివి, నేలన పడ్డ గుండుసూది నిలబడే చూడగలదు. ఆమెకీ దొరకలేదు. బావమరిదిని పిలిచారు. అతను కోటు చెయ్యి దీపం మీద తొడిగి, వెలుతురు కారుతుందేమోనని చూశాడు. ఎక్కడా కారలేదు.

"మా నాన్న చూడాల్సింది," అన్నాడు నెమ్మదిగా, ఆ ఒక్కసారి హాస్యం లేకుండా.

"ఎక్కడ నేశావో నువ్వే చూపించు బాబాయ్," అని కోడలు కోటు అతని ఒళ్ళో పెట్టింది.

రఫ్ఫాయన ఎడమ బొటనవేలు ఉన్ని మీద ఒక్కసారి జరిగింది. దొరికింది. చీమ వీపంత ఎత్తు. వేలు దాని మీద ఆగింది. రఫ్ఫాయన తల ఎత్తాడు.

"నాకూ కనపడట్లేదమ్మా."

బావమరిది అతని ఎర్రబడ్డ చెవుల వైపు చూసి, ఇస్త్రీ బల్ల దగ్గరికి వెళ్ళిపోయాడు.

కోడలు చేతులు కట్టుకుని నిలబడింది. "బాబాయ్, నేనేమీ సరదాకి అనట్లేదు. నువ్వు పూడ్చిన గోధుమరంగు కోటు ఎనిమిది నెలల్నించి వేలాడుతోంది. చిరుగున్నవి ఎనిమిది రోజులు ఆగట్లేదు. కొట్టు మూతపడితే మీరిద్దరూ ఎక్కడికి పోతారు? నేనెక్కడికి పోతాను?"

అది నిజమే. వరద తరవాత అందరూ అమ్మెయ్యమంటే మొండికేసి కొట్టు నిలబెట్టింది ఆమే. నిజం కాబట్టే రఫ్ఫాయనకి ఒళ్ళు ఇంకా మండింది. అబద్ధమైతే ఒక మాట విసిరేసి ఊరుకునేవాడు.

ఆమె కోటు తీసుకెళ్ళి అద్దం బల్ల మీద పరిచి, సొరుగులోంచి బ్లేడు తీసింది. ఫోటోలో చిరుగున్న చోటు ఇదే అనుకుని, అసలు చోటుకి రెండు వేళ్ళ అవతల, అంగుళం పొడుగున కోసింది. పెద్ద చప్పుడేం రాలేదు. నిద్రలో ఎవరో పళ్ళు కొరికినట్టు వచ్చింది, అంతే. రఫ్ఫాయన మోకాలి మీది గళ్ళ చొక్కా పిడికిట్లో నలిగింది.

అమ్మాయి వంగి చూసింది. మొహం వాడింది. "ఇది అది కాదు మేడమ్. ఎవరో కావాలని కోసినట్టుంది."

"కోసినట్టే ఉంది," అన్నాడు రఫ్ఫాయన. ఆ గొంతు అంత పెద్దదని ఆ కొట్లో ఎవరికీ తెలియదు. అద్దం ముందు టోపీలు పెట్టుకుని చూసుకుంటున్న ఇద్దరు వెనక్కి తిరిగారు.

అమ్మాయి కోటు బదులు పూసల చేతిసంచి ఒకటి తీసుకుని వెళ్ళిపోయింది. కోడలు కోటుని పీట పక్కన పెట్టి, దాని మీద కాళ్ళు రుద్దుకునే గరుకు రాయి పెట్టింది. "అంచులు దీంతో రుద్ది, టీ నీళ్ళు పట్టించు. పాతదానిలా కనపడాలి. రేపు షోకేసులో బొమ్మకి తొడుగుతాను," అని లోపలికి వెళ్ళింది.

మధ్యాహ్నం తిండి వేళ బావమరిది పీట పక్కన గొంతుక్కూర్చున్నాడు.

"పోనీ నేను రుద్దుతాలే బావా. నువ్వు అటు తిరిగి కూర్చో."

"ముట్టుకున్నావంటే ఆ పెట్టె తెచ్చి నీ చేతి మీదే పెడతాను."

"ఈ కిటికీ పోతే ఇంకెక్కడ కూర్చుంటావు? ఈ వయసులో నిన్నెవరు పెట్టుకుంటారు? అక్క మోకాళ్ళ సంగతేంటి?"

రఫ్ఫాయన తిండి డబ్బా మూత గట్టిగా వేశాడు.

సాయంత్రందాకా గళ్ళ చొక్కానే నేశాడు. కోపంలో అతని నేత ఇంకా సన్నబడుతుంది, దారానికి దారానికి మధ్య గాలి కూడా దూరదు. అయిదింటికి చొక్కా మడత పెట్టి, సూదుల డబ్బీ, వేలి తొడుగూ జేబులో వేసుకున్నాడు. ఆ రెండూ రోజూ కిటికీ గట్టు మీదే ఉంటాయి. రాయి పెట్టిన చోటే ఉంది.

"రేపు కాస్త తొందరగా రా బాబాయ్," అంది కోడలు లోపల్నించి.

ఇంట్లో ఇంటావిడ కాళ్ళు చాపుకుని కూరగాయలు తరుగుతోంది.

"ఏంటా మొహం?"

"ఇంక వెళ్ళను."

"ఎక్కడికి?"

"కొట్టుకి."

కత్తి ఆగింది. "తిట్టారా?"

"లేదు. చింపమన్నారు."

ఆమె రఫ్ఫు పనివాడి కూతురు. మళ్ళీ అడగక్కర్లేకపోయింది. "ఎవరు నేసింది?" అంది.

"నేనే. ఉన్ని కోటు మోచెయ్యి."

"కనపడిందా వాళ్ళకి?"

"లేదు. పక్కన కోశారు."

"ఆ కోత?"

"అలాగే ఉంది."

ఆమె కత్తి కింద పెట్టేసింది. "పని మానుకోండి, నేనేం అనను. తిన్న రోజు తింటాం, లేని రోజు లేదు. కానీ కోత అలా నోరు తెరుచుకుని ఉంటే వదిలేసి వచ్చి ఇక్కడ కూర్చున్నారా? మా నాన్నయితే కంచం ముందుకి వచ్చేవాడా?"

ఆ రోజంతా పడ్డ మాటల్లో రఫ్ఫాయనకి తగిలింది ఇదొక్కటే.

మర్నాడు తెల్లారుతూనే వెళ్ళి తాళం తీశాడు. రోజూ తీసేది అతనే. కిటికీలోకి వెలుతురు దిగేదాకా నిలబడి, పీట లాక్కుని కూర్చున్నాడు. రాయి తీసి నేల మీద పెట్టాడు. బ్లేడు కోత చిల్లులాంటిది కాదు, అంచులు శుభ్రంగా ఉంటాయి, సూదికి సుళువు. ఆ సుళువుకి కూడా అతనికి కోపం వచ్చింది. కోటు అడుగు మడత విప్పి, దాంట్లోంచే దారం లాగాడు. ఏ బట్టకీ అతను బయటి దారం పెట్టి ఎరగడు. ఊపిరి బిగబట్టడం, వదలడం.

బావమరిది తొమ్మిదింటికి వచ్చి, గుమ్మంలో ఆగి, చూసి, పెట్టె వేడెక్కించాడు. "నేనూ మానేస్తా బావా," అన్నాడు.

"నోర్ముయ్. పిల్లలున్నవాడివి. తడిగుడ్డ వెయ్యి."

బావమరిది మోచేతి మీద తడిగుడ్డ పరిచి, పెట్టె ఆనించాడు. ఆవిరి లేచింది. గుడ్డ తీశాక ఇద్దరూ వంగి చూశారు. కోత ఎక్కడుందో బావమరిదికి దొరకలేదు.

రఫ్ఫాయన కోటు తీసుకెళ్ళి షోకేసులో బొమ్మకి తనే తొడిగాడు. గుండీలన్నీ పెట్టాడు. తాళం చెవి బావమరిది చేతిలో పెట్టి, కోడలు రావడానికి అరగంట ముందు చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు.

నేయగా మిగిలిన దారం ఎప్పుడూ ఆ బట్ట జేబులోనే పెట్టేసేవాడు. ఆ రోజు పెట్టలేదు. జానెడు ఆకుపచ్చ దారం అద్దం బల్ల మధ్యలో, కోడలు వచ్చి నిలబడే చోట, గీత గీసినట్టు తిన్నగా ఉంది.