పెంకు మీద గీత

నాలుగో ట్రేలో పదకొండో గుడ్డును దీపం పెట్టె కంతకు ఆనించి, బొటనవేలితో కాస్త పక్కకు తిప్పాడు చీకటి బాబాయి. పెంకు లోపల ఎర్రగా వెలిగింది. సన్నని నరాలు గడ్డివేర్లలా అల్లుకుని ఉన్నాయి. వాటి నడుమ ఆవగింజంత నల్లటి కన్ను. అది కదిలింది. చెవి మీది పెన్సిల్ ముక్క తీసి, గుడ్డు మొద్దువైపున గాలి నిండిన చోటు ఎక్కడ ముగుస్తుందో అక్కడ చుట్టూ ఒక గీత గీశాడు. గుడ్డును కుడివైపు ట్రేలో పెట్టి, పన్నెండోది అందుకున్నాడు.

పెన్నుతో గీయకూడదు. పెంకుకు కంటికి కనిపించని బెజ్జాలుంటాయి, సిరా లోపలికి దిగుతుంది. ఆ సంగతి అతనికి మొదటిరోజే చెప్పారు. చెప్పి ముప్పై ఒక్క ఏళ్లయింది.

అది టీకామందు తయారయ్యే చోటు. పదకొండు రోజులు పొదిగిన గుడ్లు ఆ చీకటిగదికి వస్తాయి. బతికున్నవి కుడివైపు, చచ్చినవి ఎడమవైపు బకెట్లోకి. గీత పడిన గుడ్లు పక్కగదిలో సూదమ్మ చేతికి వెళతాయి. ఆవిడ గీతకు పైన చిల్లు పొడిచి, సూదితో వైరస్ చుక్క ఎక్కించి, మైనంతో మూసేస్తుంది. మూడోరోజుకు గుడ్డులోని నీరంతా వైరస్సే. పిల్ల సంగతి ఎవరూ అడగరు.

"చచ్చినవాటికి బకెట్టు, బతికినవాటికి నా సూది. నీ దగ్గరికొచ్చి బాగుపడ్డ గుడ్డు ఒక్కటైనా ఉందా బాబాయ్?" అంటుంది సూదమ్మ.

అతను నవ్వడు. నవ్వకూడదని కాదు, నవ్వేలోపు ఇంకో గుడ్డు చేతిలోకి వచ్చేస్తుంది.

ఇంట్లోనూ అంతే. కూర్చుంటే కూర్చున్నట్టే. మాట ఉండదు, పలుకు ఉండదు. భార్య వంటింట్లోంచి పూటకోసారి కేకేస్తుంది: "ఏమయ్యా, ఉన్నావా పోయావా?"

"ఉన్నాన్లే," అంటాడు.

ఈ ఉదయమూ అడిగింది. డబ్బా మూత బిగిస్తూ, "మొహమేమిటి, సున్నం కొట్టినట్టుంది? సెలవు పెట్టరాదూ," అని కూడా అంది. భుజం లాగుతోందని చెప్పబోయి మానేశాడు. ఈరోజు సెలవు పెట్టే రోజు కాదు.

కిందటివారం అతను గీత గీసి పంపిన వాటిలో మూడు చచ్చిన గుడ్లు బయటపడ్డాయి. వైరస్‌కు బతికున్న కణం కావాలి. చచ్చిన గుడ్డులో అది పెరగదు సరికదా, ఆ గుడ్డు కుళ్లి, నీరంతా ఒకచోట కలిపేటప్పుడు పక్కవాటి నీటినీ పాడుచేస్తుంది. ఒక విడత మొత్తం పారబోశారు. సూపర్‌వైజరు నిన్న వచ్చి, ఈరోజు భోజనాల తర్వాత ఇరవై గుడ్లతో పరీక్ష పెడతానన్నాడు. ఒక్కటి తప్పినా రేపటి నుంచి వెనక దొడ్లో ట్రేలు కడిగే పని.

ఆ పని తేలికే, ఎండ తగులుతుంది, పక్కన మనుషులుంటారు. అయినా చీకటి బాబాయికి వెలుతురులో ఏం చేయాలో తెలియదు. ముప్పై ఒక్క ఏళ్లలో అతనికి చేతనైందల్లా ఒక్కటే, లోపల ప్రాణం ఉందో లేదో బయటి నుంచి చెప్పడం. ఎడమకంటికి పొర కమ్ముతోంది. ఎవరికీ చెప్పలేదు. కన్ను పట్టుకోలేనిది ఓపిక పట్టుకుంటుందని, ఈ వారం నుంచి ఒక్కో గుడ్డును ఇంకాస్త ఎక్కువసేపు దీపం మీద ఉంచుతున్నాడు. రోజుకు మూడు ట్రేలు తగ్గాయి. దానికీ ఒక మాట పడింది.

భోజనాల వేళ డబ్బా తెరిచి, రెండు ముద్దలు తిని మూసేశాడు. అప్పుడే వైరస్ పరీక్షలు చూసే డాక్టరమ్మ అటు వెళ్తూ గుమ్మంలో ఆగింది.

"పరీక్షటగా బాబాయ్?"

"అవునమ్మా."

"భయమా?"

"ఏమో అమ్మా. తెలీటంలేదు."

ఆవిడ చేరిన కొత్తలో, తనిన్నేళ్లుగా ఏ పురుగు కోసం గుడ్లు చూస్తున్నాడో చెప్పమని అడిగాడు ఓసారి. ఆవిడ తన డబ్బాలోంచి నిమ్మకాయ తీసి, దానికి ఒళ్లంతా గుండుసూదులు గుచ్చింది.

"ఇదే బాబాయ్. పైన మేకులు, లోపల ఎనిమిది దారప్పోగులు. తనలాంటిదాన్ని ఎలా చేయాలో ఆ పోగుల్లోనే రాసుంటుంది. ఇంకేం లేదు."

"నోరు?"

"లేదు."

"కడుపు?"

"అదీ లేదు. తినదు, పీల్చదు, పెరగదు. పై తోలు కూడా సొంతం కాదు, బయటికొచ్చేటప్పుడు ఆ కణం తోలే కప్పుకొస్తుంది."

"అరువు చొక్కా అన్నమాట."

"అచ్చంగా. గడ్డకట్టించే పెట్టెలో ఏళ్ల తరబడి దుమ్ములా పడుంటుంది. బతికున్న కణం దొరికిందా, ఇక దాని చేతే తనలాంటివాటిని వేలకు వేలు చేయించుకుంటుంది."

"అయితే అది బతికున్నట్టా అమ్మా, చచ్చినట్టా?"

"దాని మీద మావాళ్లు ఇంకా జుట్లు పట్టుకుంటూనే ఉన్నారు."

"మా ఇంట్లో నా సంగతీ అంతే," అన్నాడు. డాక్టరమ్మ నవ్వి నవ్వి, వేలికి సూది గుచ్చుకుంది. ఆ సాయంత్రం అదంతా భార్యకు చెబితే, "నోరూ కడుపూ లేదంటే నయమే, వండి పెట్టమని అడగదు," అంది. అతను అన్ని మాటలు మాట్లాడిన రోజు మళ్లీ లేదు.

సూపర్‌వైజరు పరీక్షకు పెట్టిన ఇరవై గుడ్లనూ ఈరోజు పొద్దున తన గదిలో పెద్ద దీపం మీద చూసి, ఏది బతికుందో, ఏది చచ్చిందో కాగితం మీద రాసుకున్నాడు. ఆ గదిలో ఎప్పుడూ చల్లగాలి యంత్రం తిరుగుతూనే ఉంటుంది. ట్రే అక్కడే ఉండిపోయింది. మధ్యాహ్నం తెచ్చి బల్ల మీద పెట్టాడు.

చీకటి బాబాయి ఒక్కోదాన్నీ తీసుకున్నాడు. చల్లగా తగిలాయి. దీపం మీద పెట్టేముందు ప్రతిదాన్నీ అరచేతుల మధ్య కాసేపు మూసి పట్టుకున్నాడు.

"ఏంటి బాబాయ్, మంత్రమేస్తున్నారా?"

"చల్లబడ్డాయి సార్. చలికి లోపలిది ముడుచుకుంటుంది, కదలదు."

"కానివ్వండి, నాకు పనుంది."

పద్దెనిమిది గుడ్లు కాగితంతో కలిశాయి. పంతొమ్మిదోదాన్ని దీపం మీద చాలాసేపు ఉంచాడు. నరాలు పలచగా ఉన్నాయి. కన్ను కదల్లేదు. దాన్ని పక్కన పెట్టి ఇరవయ్యోది చూశాడు, అదీ కలిసింది. మళ్లీ పంతొమ్మిదోది తీసుకున్నాడు.

"అది చచ్చింది బాబాయ్. ఇక్కడ రాసే ఉంది."

"బతికే ఉంది సార్."

"కదిలిందా?"

"లేదు."

"మరి?"

అతను గుడ్డును అరచేతుల్లో మూశాడు. "కాసేపు ఉండనివ్వండి," అన్నాడు.

సూపర్‌వైజరు కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. గొంతు పెద్దది చేయలేదు. "మీ వయసులో ఎవరికైనా అంతే బాబాయ్. రేపు పొద్దున దొడ్లోకి రండి. ఈ పూట కానిచ్చి వెళ్లండి," అని తలుపు దగ్గరగా వేసి వెళ్లిపోయాడు.

చీకటి బాబాయికి కోపం రాలేదు. ఏడుపూ రాలేదు. భుజం నుంచి మోచేతి దాకా బరువుగా ఉంది, ఎవరిదో చెయ్యి తెచ్చి తనకు తగిలించినట్టు. గుడ్డును రెండు అరచేతుల్లో మూసుకుని, గోడకు వీపు ఆనించి కూర్చున్నాడు. కొంతసేపటికి దాన్ని కంతకు ఆనించి చూశాడు. మళ్లీ అరచేతుల్లోకి తీసుకున్నాడు. మళ్లీ ఆనించాడు.

సాయంత్రం చేతులు కడుక్కుని, సూదమ్మ ట్రేల కోసం తలుపు తోసింది. దీపం వెలుగుతోంది. బాబాయి గోడకు చేరగిలి ఉన్నాడు, వేళ్ల మధ్య పెన్సిల్ ముక్క.

"బాబాయ్, అందరూ బయల్దేరుతున్నారు. లేవండి."

చెయ్యి పట్టుకుంది. దీపం పెట్టె పక్కనే ఉన్నందువల్ల అది వెచ్చగా ఉంది. నుదురు మాత్రం చల్లగా ఉంది.

డాక్టరమ్మ వచ్చి మెడ దగ్గర వేళ్లుంచి చూసి, లేచి నిలబడింది. నలుగురు కలిసి అతన్ని ఎత్తుకుని వరండాలోకి తీసుకెళ్లారు. పెద్ద బరువేం లేడు. ఇంటికి చెప్పాలని సూపర్‌వైజరు అతని జేబులోంచి ఫోన్ తీసి, పైనున్న ఒక్క నంబరూ నొక్కాడు. అవతల ఫోన్ ఎత్తీ ఎత్తగానే ఆడగొంతు పలికింది.

"ఏమయ్యా, ఉన్నావా పోయావా? ఇంకా బయల్దేరలేదా?"

సూపర్‌వైజరు నోరు తెరిచాడు. ఫోన్ సూదమ్మ చేతిలో పెట్టి గోడ వైపు తిరిగాడు.

చీకటిగదిలో దీపం ఆర్పడం ఎవరికీ గుర్తులేదు. కంత మీద పంతొమ్మిదో గుడ్డు ఎర్రగా వెలుగుతోంది. లోపల ఆవగింజంత నల్లటి చుక్క ఓ పక్కకు జరిగింది, ఆగింది, మళ్లీ జరిగింది. పెంకు మీద, గాలి నిండిన చోటు ముగిసే అంచున, పెన్సిల్ గీత సగం దాకా వచ్చి ఉంది.