నోరు మెదపని ఫైలు

మధ్యాహ్నం మూడింటికి లిఫ్టుల తనిఖీ అధికారి వస్తాడు. ఆలోపు తప్పు ప్రోగ్రాంలో ఉందని తేలకపోతే మెకానిక్ లైసెన్సు రద్దవుతుంది. ఆ మెకానిక్ ఆమెకు బావ, సొంత అక్క భర్త. ప్రోగ్రాం రాసింది ఆమె.

అప్పటికి టైము పదకొండున్నర.

ఐదంతస్తుల భవనంలో అతను బిగించిన లిఫ్టు అప్పుడప్పుడు కదలబోతూనే ఆగిపోతోంది. తలుపు తెరుచుకోదు. మొన్న ఒక పెద్దావిడ నలభై నిమిషాలు లోపల ఇరుక్కుపోయింది. బ్రేకు సరిగా విడవడం లేదనీ, బిగించినవాడి నిర్లక్ష్యమేననీ భవనం వాళ్ళు ఫిర్యాదు రాసి పడేశారు.

బావ ఆఫీసులో ఆమె బల్ల పక్కన స్టూలు మీద కూర్చున్నాడు. గ్రీజు చేతులు దేనికీ తగలకుండా ఒళ్ళో పెట్టుకున్నాడు.

"ఏం చేస్తున్నావు మరదలా?"

"ట్రేస్ లైన్లు పెడుతున్నా. ప్రోగ్రాం ఎక్కడికి ఎప్పుడు వచ్చిందో అవి రాసిపెడతాయి. లిఫ్టు ఆగినప్పుడు ఏం జరిగిందో వరసగా కనిపిస్తుంది."

"అదేదో మొదట్లోనే పెట్టొచ్చుగా?"

"నువ్వు ప్రతి బోల్టూ రెండోసారి చూసుకుంటావా?"

"మూడోసారి కూడా చూసుకుంటా."

ఆమె మళ్ళీ తెర వైపు తిరిగింది.

తలుపుల ఫైలు, మోటారు ఫైలు, బ్రేకు ఫైలు. మూడింటిలోనూ ట్రేస్ మాక్రో పెట్టింది. మాక్రో అంటే ఒక పొట్టి పేరు. అది కనిపించిన చోటల్లా కంపైలర్ దాని బదులు అసలు లైన్లు పరుచుకుని, మొత్తాన్నీ యంత్రానికి అర్థమయ్యేలా మారుస్తుంది. అర్థం కాకపోతే ఎర్రర్ చూపించి ఆగిపోతుంది.

కంపైల్ నొక్కింది. తెర నిండా ఎర్ర అక్షరాలు.

"చచ్చిందా?" అన్నాడు బావ.

"ఇంకా పుట్టందే ఎలా చస్తుంది?"

మొదటి గొడవ తలుపుల ఫైల్లో. మాక్రో అంటే ఏమిటో చెప్పే హెడర్ ఫైలుని పైన చేర్చడం మరిచిపోయింది. చేర్చింది. మళ్ళీ నొక్కింది. ఈసారి మోటారు ఫైలు. అక్కడా అదే మరుపు. చేర్చాక ఇంకో ఎర్రర్: 'అలా అయితే' అనే 'ఇఫ్' లేకుండా 'లేకపోతే' అనే 'ఎల్స్' వచ్చిందట. మాక్రో పేరు ఒక్కటే అయినా పరుచుకుంటే రెండు లైన్లవుతోంది. రెండోది 'ఇఫ్' కిందనుంచి బయట పడి, తర్వాత వచ్చే 'ఎల్స్'ని అనాథని చేస్తోంది. రెండు లైన్లనీ కలిపి ఒకే మూట కట్టింది. నొక్కింది.

ఎర్రర్లు లేవు.

"అయిపోయిందిగా, పద," అంటూ బావ లేచాడు.

"కూర్చో బావా."

ఆమె బ్రేకు ఫైలు తెరిచింది. అక్కడా హెడర్ చేర్చలేదు. మిగతా రెండు ఫైళ్ళలో అందుకు లబలబలాడిన కంపైలర్ ఇక్కడ నోరు మెదపలేదు. రెండువందల పన్నెండో లైన్లో ఇంగ్లీషు అక్షరాల్లో 'బావ కోతి' అని కొట్టి, మళ్ళీ నొక్కింది.

ఎర్రర్లు లేవు.

"నన్ను కోతి అంటే దానికేం అభ్యంతరం లేదా?" అన్నాడు బావ.

"అసలు చదివితే కదా. ఈ ఫైలు జోలికే పోవడం లేదు."

ఏయే ఫైళ్ళు కంపైల్ కావాలో చెప్పే జాబితా తీసింది. బ్రేకు ఫైలు దారి 'ప్రదర్శన' అనే ఫోల్డరు వైపు ఉంది. ఎనిమిది నెలల కిందట కొనడానికొచ్చిన వాళ్ళకి లిఫ్టు చురుగ్గా కదులుతోందని చూపించాలి. అందుకని బ్రేకు ఫైలుకి నకలు తీసి, మోటారు కదిలే ముందు బ్రేకు విడవడానికి ఇచ్చే గడువుని మూడువందల మిల్లీసెకండ్ల నుంచి యాభైకి తగ్గించింది. ఆలోపు విడవకపోతే ప్రోగ్రాం లిఫ్టుని ఆపేస్తుంది. జాబితాలో దారి మార్చింది. ప్రదర్శన అయ్యాక దారి వెనక్కి తిప్పలేదు.

ఈ సంగతి ఆమెకొక్కదానికే తెలుసు. దారి సరిచేసి ఊరుకుంటే ఇంక లిఫ్టు ఆగదు. ప్రోగ్రాంలో తప్పేమీ దొరకదు. దొరక్కపోతే ఫిర్యాదులో మిగిలేది బావ.

అతను గోడ గడియారం చూశాడు. పన్నెండున్నర.

"ఏమైంది? మొహం అలా పెట్టావు?"

"నీ బ్రేకు బాగానే ఉంది బావా. నేను దానికి టైమివ్వలేదు," అని మొత్తం చెప్పింది.

అతను కాసేపు గోళ్ళలో గ్రీజు గీక్కున్నాడు. "అక్కకి చెప్పకు. నా మీద కంటే నీ మీదే ఎక్కువ అరుస్తుంది," అన్నాడు.

నకలులోనే హెడరూ, ట్రేస్ లైన్లూ చేర్చి, కంపైల్ చేసి, బావ చేతికిచ్చి పంపింది. అతను భవనానికి వెళ్ళి, దాన్ని లిఫ్టులోకి ఎక్కించి, ఇరవైసార్లు పైకీ కిందకీ తిప్పాడు. రెండుసార్లు ఆగింది. ట్రేస్ తీసుకుని ఆఫీసుకి తిరిగొచ్చాడు. రెండింటిలోనూ ట్రేస్ ఒకే మాట చెప్పింది: యాభై మిల్లీసెకండ్లకి ప్రోగ్రాం లిఫ్టుని ఆపేసింది, ఎనభైకి బ్రేకు విడింది. బ్రేకు తయారీదారు కాగితంలో రెండువందల దాకా పట్టవచ్చని రాసి ఉంది.

మూడింటికి అధికారి వచ్చాడు. సన్నటి మనిషి, చంకలో ఫైలు. ఆయన వెనకే ఆమె ఆఫీసు చీఫ్ వచ్చి నిలబడ్డాడు. ఆమె ట్రేస్ చూపించి జరిగింది చెప్పింది.

"అసలు ఫైలు కంపైల్ కావడం లేదనడానికి రుజువేదమ్మా?" అన్నాడు అధికారి.

ఆమె ఆయన ముందే కంపైల్ చేసింది. ఎర్రర్లు లేవు. జాబితాలో దారి సరిచేసి మళ్ళీ నొక్కింది. తెర ఎర్రబడింది. అధికారి కళ్ళజోడు సవరించుకుని వంగి, మొదటి లైను పైకి చదివాడు.

"రెండువందల పన్నెండో లైను. బావ... కోతి?"

"ఆ బావని నేనేనండి," అన్నాడు మెకానిక్.

అధికారి నవ్వలేదు. నివేదికలో ఆ లైను ఉన్నదున్నట్టు రాసుకున్నాడు. మెకానిక్ పేరు ఉన్నచోట అడ్డంగా గీత కొట్టి, ఆమెని పేరు అడిగాడు. చెప్పింది. రాసుకున్నాడు.

ఆయన మెట్లు దిగాక చీఫ్ అన్నాడు, "ఆర్నెల్లు నువ్వు విడుదల చేసే ప్రతి ఫైలూ ఇంకొకళ్ళు చూడాలి."

"సరే సర్."

"ఇంకొకళ్ళు ఎందుకండీ," అన్నాడు బావ, "నేను మూడుసార్లు చూస్తా."

ఆమె రెండువందల పన్నెండో లైను చెరిపి, హెడర్ చేర్చి, మళ్ళీ కంపైల్ నొక్కింది.