పాకం రోజున ఎన్నిక

అమెరికాలో మా వెర్మాంట్ రాష్ట్రం పేరెత్తితే చాలు, "ఓ, ఆ వామపక్షం వాళ్ళా" అంటుంది దేశం. నిజమే. రాజధానికి ఎవరిని పంపాలన్నప్పుడు మేం వామపక్షం వైపే మొగ్గుతాం. ఊరి రోడ్డు, ఊరి లారీ, ఊరి బోర్డు దగ్గరికొచ్చేసరికి మాత్రం మా అక్క మొగుడు హార్లన్ ఎటు మొగ్గితే ఊరు అటే మొగ్గుతుంది. ఊరిని నడిపే ముగ్గురు సభ్యుల బోర్డులో ఆయన మొదటిసారి కుర్చీ ఎక్కినప్పుడు నా జుట్టింకా ఎర్రగా ఉండేది.

నా పేరు నోరీన్. మా ఊరు నార్త్ ఎల్డెన్‌లో ప్రోగ్రెసివ్ పార్టీ కమిటీకి నేనే అధ్యక్షురాలిని. కమిటీ అంటే అయిదుగురం. లైబ్రరీ వెనక గదిలో కుర్చీలు మేమే వేసుకుంటాం, మేమే తీసిపెడతాం. ఆ చలికాలమంతా ఒక్క పని మీదే తిరిగాం. బావ కూర్చున్న కుర్చీలో డార్లా పెల్టియర్‌ని కూర్చోబెట్టాలి.

డార్లా వృద్ధాశ్రమంలో ఆయా. ఏటి ఒడ్డున, అద్దె స్థలంలో సొంత బండి ఇళ్ళు నిలుపుకున్న ట్రైలర్ పార్కులో ఉంటుంది. ఆ పార్కుని యజమాని బయటి రాష్ట్రం కంపెనీకి అమ్మేస్తున్నాడు. కంపెనీ వస్తే స్థలం అద్దె రెట్టింపవుతుంది, ఆ తర్వాత మనుషులు వెళ్ళిపోతారు. వెళ్ళడానికి వాళ్ళకి చోటు లేదు. కొత్త చోటికి లాగితే ఆ ఇళ్ళు దారిలోనే విరిగిపోతాయి. అదే స్థలాన్ని అక్కడివాళ్ళంతా కలిసి కొనుక్కోవచ్చని చట్టం ఉంది, రాష్ట్రం సాయం కూడా చేస్తుంది. కాకపోతే దరఖాస్తు ఊరి బోర్డు పెట్టాలి, ఊరి సభ జరిగే వారంలోనే, శుక్రవారంలోపు పెట్టాలి. బోర్డులో ఒకరు సరే అన్నారు. బావ, ఇంకొకాయన వద్దన్నారు. "రేపు ఏదైనా తేడా వస్తే ఊరి నెత్తిమీద పడుతుంది" అంటాడు బావ. ఆయన చెడ్డవాడు కాదు. మొండివాడు. మొండివాడు రాజుకన్నా బలవంతుడంటారు, మా బోర్డులో అది అక్షరాలా నిజం.

మా ఊళ్ళో బోర్డుని ఎన్నుకునేది మార్చి మొదటి మంగళవారం, ఊరి సభలోనే. పొద్దున పదింటికి అందరూ టౌన్ హాల్లో కూర్చుంటారు, అంశాలు ఒక్కొక్కటే తీస్తారు, ఎన్నిక వచ్చినప్పుడు అక్కడే చీటీలు రాసి చెక్కపెట్టెలో వేస్తారు. అక్కడ లేనివాడికి ఓటు లేదు. ముఖాలు చూసుకుని తేల్చుకునే ప్రజాస్వామ్యం అని నాకు గొప్ప గర్వం. కానీ మంగళవారం పొద్దున పార్కు వాళ్ళలో సగంమంది జున్ను ఫ్యాక్టరీలో ఉంటారు. ఒంటిగంటకి గాని వదలరు. సెలవు అడిగే హక్కుంది, ఆ రోజు జీతం మాత్రం పోతుంది. ఏటా మధ్యాహ్న భోజనానికి ముందే ఎన్నిక ముగిసిపోయేది, వాళ్ళు లేకుండానే.

కాబట్టి నా ఎత్తు తేలికైనదే. అయిదో అంశం ఎన్నిక. దాన్ని భోజనం తర్వాతకి జరపాలి. నాలుగో అంశం కొత్త లారీ. మా ఊరివాళ్ళు దేవుడి గురించి వాదించుకోరు గాని లారీ గురించి, కంకర గురించి కొట్టుకు చస్తారు. కాస్త గాలి ఊదితే చాలు.

ఆ పొద్దున ఎండ విరగకాసింది. రాత్రంతా గడ్డకట్టే చలి, పొద్దున్నే వెచ్చటి ఎండ. మేపుల్ చెట్ల నుంచి నీరు ధారకట్టేది సరిగ్గా ఇలాంటి రోజునే. సభకి వచ్చినవాళ్ళలో సగంమంది మనసు ఆ నీటిని కాచి పాకం తీసే షెడ్ల మీదే ఉంది. తొందరగా తేల్చి పోదామని వాళ్ళ గొడవ. సాగదీద్దామని నా గొడవ.

"అధ్యక్షా, పాత లారీకి గేరుబాక్సు మార్చితే ఎన్నేళ్ళొస్తుందో ఎవరైనా అడిగారా?" అన్నాను లేచి.

సభ నడిపేది పశువుల డాక్టరు ఎర్విన్. ఆయనకి నవ్వాపుకోవడం రాదు. "అడగలేదు నోరీన్. ఇప్పుడు నువ్వడిగావు" అన్నాడు.

అంతే, ముసలివాళ్ళు ముగ్గురు ఒకేసారి లేచారు. గేరుబాక్సు అయ్యాక కంకర ఎత్తాను. కంకర అయ్యాక తూముల్లోంచి నీళ్ళు పారడం లేదన్నాను. బావ వెనక్కి తిరిగి నన్ను చూశాడు.

"నోరీన్, నీకు కంకర మీద ఇంత ప్రేమ ఎప్పట్నించి పుట్టుకొచ్చింది?"

"మా వీధిలో నా కారు ఇరుసుదాకా దిగబడ్డప్పట్నించి బావా. లాగడానికి నువ్వే వచ్చావుగా, మర్చిపోయావా?"

"ఆ రోజు అక్కడే వదిలేసుంటే ఇవాళ ఊరు ప్రశాంతంగా ఉండేది."

హాలంతా నవ్వింది. నేనూ నవ్వాను. నవ్వుతూనే గోడగడియారం చూసుకున్నాను.

చివరికి లారీ కొనడానికే ఒప్పుకున్నారు. ఎర్విన్ అయిదో అంశం చదవబోతుంటే వంటగది తలుపు తెరుచుకుంది. భోజనాల పెత్తనం బ్యూలాది. ఆమె ప్రతి ఎన్నికలోనూ బావకే ఓటేస్తుంది, ఆ మాట అందరికీ చెబుతుంది.

"ఉడికించిన చిక్కుడు గింజలు బల్లమీదికి వచ్చేశాయి. మీ చర్చలు చల్లారితే మళ్ళీ వేడెక్కించుకోవచ్చు, నా గింజలు చల్లారితే బాగోవు. లేవండి" అంది.

ఎవరూ ఎదురు చెప్పలేదు. బ్యూలాకి ఎదురు చెప్పినవాడికి భోజనం చివర తినే 'ఆపిల్ పై' చిన్నముక్కే వస్తుంది.

భోజనం మధ్యలో బావకి ఫోనొచ్చింది. షెడ్డులో మా అక్క క్లొడెట్ ఒక్కతే ఉంది. ఆమె గొంతు నాకు బల్ల ఇవతలికి వినిపించింది. "తొట్టి పొంగిపోతోంది! పొయ్యిలో కట్టెలు వెయ్యనా, బాణలి చూడనా? అడుగంటిందంటే నా తప్పు కాదు, ముందే చెప్తున్నా!"

బాణలి ఒక్కసారి మాడిందంటే ఆ ఏటి పాకం పోయినట్టే. బావ ప్లేటు వదిలేసి కోటు తొడుక్కున్నాడు. ఆయన్ని చూసి ఇంకొకరు లేచారు, వాళ్ళని చూసి ఇంకొందరు. కిటికీలోంచి చూస్తే ట్రక్కులు వరసగా కొండెక్కుతున్నాయి. అన్నీ బావ ఓట్లే.

అదే దారిలో ఫ్యాక్టరీ వ్యాన్లు దిగుతున్నాయి. పార్కు వాళ్ళు జున్ను వాసనతో, రబ్బరు బూట్లతోనే వచ్చి గోడ పక్కన నిలబడ్డారు. హాల్లో ఎటు చూసినా మనవాళ్ళే.  ఇన్నేళ్ళలో గెలుపు ఇంత దగ్గరగా ఎప్పుడూ రాలేదు. ఎవరూ చూడకుండా, పక్కనున్న డార్లా చెయ్యి నొక్కాను.

ఎర్విన్ అయిదో అంశం చదివాడు. బావ పేరు ఒకరు చెప్పారు. డార్లా పేరు నేను చెప్పాను. పోటీ చేసేవాళ్ళు రెండు ముక్కలు మాట్లాడొచ్చు. డార్లా లేచింది.

"నేను ఉపన్యాసం చెయ్యను. ఒక మనవి. సభ ఇప్పుడు ఆపి సాయంత్రం ఏడింటికి మళ్ళీ పెట్టుకుందాం. అప్పుడు ఓట్లేద్దాం" అంది.

నాకు ఒక్క క్షణం అర్థం కాలేదు. అర్థమయ్యాక ఆమె చొక్కా పట్టి లాగాను.

"పిచ్చిగాని పట్టిందా నీకు? నోటి దగ్గరికొచ్చిన ముద్దని నేలపాలు చేస్తావా? కూర్చో!"

"అక్కా, వదులు."

"వాళ్ళే కదా లేచి వెళ్ళింది! మనమేమైనా గెంటామా?"

"మనల్ని మాత్రం ఎవరు గెంటారు? మనకి పనుండేది, రాలేకపోయేవాళ్ళం. ఇన్నేళ్ళు అది అన్యాయమనే కదా నాతో ఇల్లిల్లూ తిప్పించావు? ఇవాళ వాళ్ళకి పనుంది."

"శుక్రవారం దాటితే నీ ఇల్లు పోతుందే!"

"ఆ సంగతి నాకు తెలీదా?" ఆమె గోడ పక్కనున్న తన మనుషుల వైపు తిరిగింది. "మళ్ళీ రావాలంటే మీకెంత కష్టమో తెలుసు. రాగలరా?"

 ఫ్యాక్టరీ అంగీలో ఉన్న ఒకావిడ "పిల్లల్ని కూడా తెస్తాం, ఏం చేస్తాం మరి" అంది. వాయిదాకి ఒప్పుకునేవాళ్ళని ఎర్విన్ చేతులెత్తమంటే చాలానే లేచాయి. నేను ఎత్తలేదు. కోపంతో వంటగదిలోకి పోయి, ఎవరూ అడక్కుండానే గిన్నెలు తోమాను.

సాయంత్రం ఏడింటికి నిండినంతగా ఆ హాలు నేనెరిగిన మేరకు ఎన్నడూ నిండలేదు. ఒకవైపు కట్టెపొగ, పాకం వాసన, ఇంకోవైపు జున్ను వాసన. పిల్లలు బల్లలకింద ఆడుకుంటున్నారు. కుర్చీలు చాలక బావ పక్కన ఒక పార్కు ముసలాయన, బ్యూలా పక్కన పసిపిల్లతో ఒక తల్లి ఇరుక్కుని కూర్చున్నారు. డార్లా చీటీ వేసి నా దగ్గరికి వచ్చింది. పొద్దున సభకి రావడానికి రాత్రి డ్యూటీకి మార్చుకుంది కాబట్టి లెక్కింపు దాకా ఉండలేదు.

"తిట్టదల్చుకుంటే రేపు తిట్టు అక్కా" అని కోటు వేసుకుని వెళ్ళిపోయింది.

డార్లా ఓడిపోయింది. ఘోరంగా కాదు, పోరాడే ఓడింది, కానీ ఓటమి ఓటమే. బావకి చప్పట్లు కొడుతుంటే నా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అవి బాధవల్ల కాదు, ఒట్టి కోపం. ఆ మంచితనాన్ని పొయ్యిలో పెట్టాలనిపించింది.

చివరి అంశం "ఇతర విషయాలు". ఎప్పుడూ ఆ మాట వినగానే జనం కోట్లు తొడుక్కుంటారు. ఆ రోజు బ్యూలా లేచింది. ఒళ్ళో పసిపిల్ల ఉంది. ఎప్పుడు తీసుకుందో నేను చూడలేదు.

"నాదొక సందేహం. ఈ పిల్ల వాళ్ళమ్మ ఏదో దరఖాస్తు, సంతకం అంటోంది. బోర్డు పెట్టకపోతే శుక్రవారం తర్వాత వీళ్ళ ఇల్లు పోతుందట. నిజమేనా హార్లన్?"

"అంత తేలిక కాదు బ్యూలా. ఊరికి బాధ్యత…"

"నిజమేనా, కాదా?"

బావ నేలకేసి చూశాడు. "నిజమే."

"అయితే పెట్టమని ఈ సభ చెప్పాలని నా తీర్మానం. ఓటు నీకే వేశాను, కాబట్టి అడిగే హక్కు నాకుంది."

అది సలహా మాత్రమే, బోర్డు వినాలని లేదని ఎర్విన్ చదివి చెప్పాడు. సరే అన్నవాళ్ళ కేకకి కిటికీ అద్దాలు అదిరాయి. వద్దన్నవాళ్ళు కొందరున్నారు, గొణిగారు.  బావ లేచి బల్ల దగ్గరికి వెళ్ళి, దరఖాస్తు తెమ్మని పెన్ను అడిగాడు. ముందే సరే అన్న సభ్యుడితో కలిపి ఇద్దరయ్యారు. సంతకం పెట్టాక, వేళ్ళకి పాకం అంటుకుని పెన్ను ఊడి రాలేదు.

"గెలిచి గంట కాలేదు, అప్పుడే ఆజ్ఞలు" అని సణిగాడు. నన్ను చూసి గొంతు తగ్గించాడు. "మధ్యాహ్నమే ఓట్లు వేయించేసుంటే గెలిచేవాళ్ళుగా?"

"గెలిచేవాళ్ళమే."

"ఆ అమ్మాయి ఆపిందని ఎవరో ఫోన్ చేసి చెప్పారని క్లొడెట్ అంటే నమ్మలేదు నేను." వేళ్ళు ప్యాంటుకి తుడుచుకుని వెళ్ళిపోయాడు.

నేను హాలు ఫోన్‌లోంచి వృద్ధాశ్రమానికి చేశాను. డార్లాని పిలవడానికి కాస్త సమయం పట్టింది.

"ఓడిపోయావు" అన్నాను.

"ఊఁ. అనుకున్నా."

"బావ సంతకం పెట్టాడు. సభ అడిగింది, పెట్టాడు."

 అవతల ఆమె ఊపిరి వినిపించింది, పైకి, కిందికి. మధ్యాహ్నం నుంచి ఆమెని తిట్టుకున్న తిట్లన్నీ మనసులోనే వెనక్కి తీసుకున్నాను.

"అక్కా," అంది చివరికి, "చివరి గదిలో తాత గంట కొడుతున్నాడు. వెళ్ళాలి."

ఫోన్ పెట్టేసింది. నేను కుర్చీలు మడత పెట్టడానికి వెళ్ళాను. ఎప్పుడూ మా అయిదుగురమే చేసే పని. ఆ రాత్రి నేను వెళ్ళేసరికి రబ్బరు బూట్ల వాళ్ళు, పాకం చేతుల వాళ్ళు కలిసి సగం మడత పెట్టేశారు.