నివేస్ లెక్క

పదకొండేళ్ళ కాపురంలో ఫియోరెంజో తాగిన కాఫీ కప్పు తనే సింకు దాకా మోసుకురావడం అదే మొదటిసారి. అత్తగారింట్లో ఆదివారం భోజనాలయ్యాక పళ్ళేలు తోముతున్న నివేస్, ఊరికే రారు మహానుభావులు అనుకుంది.

అతను తలుపు దగ్గరగా వేసి గొంతు తగ్గించాడు. "నీ లెక్క పైకి లేస్తోందా, లేదా? అంతే చెప్పు."

అడగకూడని మాట అది. ఉపగ్రహంలో పెట్టిన పరికరం ఆకాశం నుంచి దూసుకొచ్చే ఎలక్ట్రాన్లనూ, వాటికి ఎదురు ఆవేశమున్న జంట కణాలు పాజిట్రాన్లనూ నాలుగేళ్ళుగా పట్టి పంపిస్తోంది. పెద్ద శక్తుల దగ్గర పాజిట్రాన్లు ఉండాల్సినదానికంటే ఎక్కువ కనిపిస్తే, అంటే లెక్క గీత పైకి లేస్తే, ఎవరి కంటికీ చిక్కని కృష్ణ పదార్థం జాడ దొరికిందేమోనని ఆశ. ఆశపడ్డవాడి చేతిలో లెక్క ఎటైనా వంగుతుంది కాబట్టి రెండు జట్లు విడివిడిగా లెక్కపెట్టాలి, సోమవారంలోగా అప్పజెప్పాలి, మంగళవారం అందరి ముందూ విప్పాలి. అప్పటిదాకా ఒకరికొకరు చెప్పుకోకూడదు. మొగుడు ఒక జట్టు, పెళ్ళాం ఇంకో జట్టు. మీ మంచం మధ్య గోడ కట్టించుకోండని పెరూజాలో వాళ్ళిద్దరూ పనిచేసే ప్రయోగశాలలో అందరూ వేళాకోళం చేసేవారు.

"నాది లేస్తోంది," అన్నాడు తనే. "రెండూ కలవకపోతే నా ప్రొఫెసర్ పోస్టు గంగలో కలిసినట్టే."

నివేస్ చేతులు నురగలోనే ఆగిపోయాయి. ఆమె లెక్క లేవలేదు. దాన్ని శుక్రవారమే అప్పజెప్పేసింది కూడా. అతనిది ఎందుకు లేచిందో ఆ క్షణంలోనే అర్థమైపోయింది. పరికరంలోని అయస్కాంతం పాజిట్రాన్‌ను ఒక వైపుకు, ఎలక్ట్రాన్‌ను ఇంకో వైపుకు వంచుతుంది. మరీ వేగంగా వచ్చేవి దాదాపు తిన్నగానే పోతాయి, అప్పుడు ఎలక్ట్రాన్ కూడా పాజిట్రాన్‌లా కనిపిస్తుంది. వాటిని ఏరిపారేయడానికి ఆమెకు పద్నాలుగు నెలలు పట్టింది. ఇతను ఏరలేదు. ఒక్క ముక్క చెవిన వేస్తే చాలు, రేపటికల్లా దిద్దుకుంటాడు. ఎప్పుడు చెప్పలేదు గనక? పెళ్ళయిన కొత్తలో అతని థీసిస్‌లో తప్పులను ఇస్త్రీ బల్ల దగ్గర నిలబడి దిద్దింది. అత్తగారి మోకాలి ఆపరేషన్ కోసం జెనీవాలో వచ్చిన ఉద్యోగం వదులుకుని, ఆ ఏడాదంతా అతని వ్యాసాలు దిద్దింది. దానికి దక్కిన బిరుదు, "మా నివేస్ మంచి జాగ్రత్తపరురాలు." చొక్కా మడతలకూ అదే మెప్పు, లెక్కలకూ అదే మెప్పు. ఒళ్ళు మండిపోయింది.

ఇంతలో అత్తగారు పాల్మిరా లోపలికొచ్చింది. కొడుకు మొహం చూడగానే సగం సంగతి పట్టేసింది.

"సాయం చేస్తే నీ సొమ్మేం పోతుందే అమ్మాయీ? వాడు పైకొస్తే నువ్వు పైకొచ్చినట్టు కాదూ?"

"కాదత్తయ్యా," అంది నివేస్. చేతులు తుడుచుకుని, మిగిలిన పళ్ళేలు మొగుడి ముందుకు జరిపి బయటికి వెళ్ళిపోయింది.

మంగళవారం రెండు గీతలూ తెర మీద పడ్డాయి. ఒకటి కొసన నిక్కింది, రెండోది నేలబారుగా పోయింది. గదిలో అందరూ నివేస్ వైపే తిరిగారు, తప్పు ఆమెదే అయ్యుంటుందన్న ధీమాతో. ఆమె లేచి బోర్డు దగ్గరికి వెళ్ళి, ఫియోరెంజో గీత ఎందుకు నిక్కిందో ఒక్కో మెట్టూ రాసి చూపించింది. అతను తల దించుకున్నాడు. ఆమెకు జాలేసింది, అయినా చివరిదాకా రాసింది.

డైరెక్టర్ బల్దెస్కి ఇబ్బందిగా నవ్వాడు. ఒకరికొకరు చెప్పుకోకూడదని రూలు పెట్టింది తనే.

"మొగుడూ పెళ్ళాలు, ఇలాంటివి ఇంట్లోనే దిద్దుకుంటే పోయేది కదమ్మా."

"పదకొండేళ్ళు ఇంట్లోనే దిద్దానండీ," అంది నివేస్. "అందుకే ఇక్కడెవరికీ తెలీలేదు."