ఎవరూ రాని విచారణ

సభలో ప్రకటన చేయాల్సిన రోజు పొద్దున్నే మంత్రి ఇంట్లో ప్రతిపక్షం నిద్రలేచేది. ప్రతిపక్షమంటే అతని అక్క. భోజనాల బల్లకు అవతలి వైపు కుర్చీ లాక్కుని, కళ్ళజోడు ముక్కు కొసకు దించి, పళ్ళెం బోర్లించి గరిటెతో దాని మీద కొడుతూ "సిగ్గు, సిగ్గు" అని మొదలుపెట్టేది. తమ్ముడు మంత్రి అయిన కొత్తలో సభలో నోరు తడబడి నవ్వులపాలయ్యాడని, ధైర్యం చెప్పడానికి ఆమె కనిపెట్టిన ఆట అది. రానురాను అది లేకుండా అతనికి సభలో కాలు నిలవని పరిస్థితి వచ్చింది.

"అధ్యక్షా," మంత్రి కాగితం చూసి చదివాడు. "తీరంలోని బురదనేలను పూడ్చి గిడ్డంగులు కట్టే ప్రతిపాదన మీద ప్రభుత్వం బహిరంగ విచారణ జరిపింది. ప్రజలకు పూర్తి అవకాశం ఇచ్చాం. విచారణలో ఒక్క అభ్యంతరం కూడా రాలేదు. పర్యావరణ ప్రణాళికా శాఖ చరిత్రలో ఇది..."

"చరిత్ర తర్వాత చదువుదువుగానీ, ఆగవయ్యా మంత్రీ!" గరిటె లేచింది. "మా వీధిలో మురుగుకాలవ మీద బండ మారిస్తేనే నలుగురొచ్చి పోట్లాడారు. అంత నేల పూడుస్తానంటే నోరెత్తేవాడే లేడా?"

"లేడు గౌరవ సభ్యురాలా. ప్రజలు అభివృద్ధి కోరుకుంటున్నారు."

"అబ్బో! ఎప్పుడు పెట్టారేంటి తమరి విచారణ?"

అతను తేదీ చెప్పాడు. పొద్దున పదింటికి, పట్నంలో శాఖ ఆఫీసు హాల్లో అని కూడా చెప్పాడు.

అక్క అలవాటుగా వెనక్కి తిరిగి గోడ మీది క్యాలెండరు కేసి చూసింది. లేచి వెళ్ళి ఒక కాగితం వెనక్కి తిప్పింది. గరిటె చేతిలోనే ఉండిపోయింది.

"ఒరే చిన్నోడా, ఆ రోజు నల్ల సున్నా ఉందిరా."

ఆ గొంతు ప్రతిపక్షానిది కాదు. క్యాలెండరులో నల్ల సున్నా అంటే అమావాస్య. మంత్రి ఏదో అనబోయాడు. ఈలోపు వంటింట్లోంచి చుయ్ మని చప్పుడైంది.

"పాలు పొంగుతున్నాయి. ప్రతిపక్షం వాకౌట్ చేస్తోంది," అంటూ ఆమె లోపలికి పరిగెత్తింది.

బల్ల కింద అతని కుడికాలు ఊగడం మొదలైంది.

ఆ ఊగుడు కొత్తది కాదు. వాళ్ళమ్మ బురదనేలలో తినే గుల్లలు ఏరి అమ్ముకుని బతికిన మనిషి. అక్క నడుం తడవనంత ఎత్తు ఎదగ్గానే అమ్మ వెంట దిగింది. తనింకా చిన్నవాడు కాబట్టి ఒడ్డున బోర్లించిన పడవ మీద కూర్చోబెట్టి, "కదిలావో, చూస్కో" అని చెప్పి వెళ్ళేవాళ్ళు. అమావాస్య నాడు పొద్దెక్కేసరికి సముద్రం కంటికి కనబడనంత దూరం వెనక్కి పోయేది. నెలలో అలాంటి ఆటు మళ్ళీ పున్నమికే. అంతకంటే మంచి ఏరుడు ఉండదు. జ్వరంతో మూలుగుతున్నవాళ్ళు కూడా గంపతో దిగేవాళ్ళు. అమ్మా అక్కా చిన్నవై, చుక్కలై, అటు తర్వాత ఏ చుక్క ఎవరో తెలియకుండా పోయేవాళ్ళు. బురదలోని గుంటలు తళతళలాడాయంటే నీళ్ళు తిరిగొస్తున్నాయని అర్థం. ఆ తళతళ కోసం చూస్తూ, అది కనబడగానే హడలిపోతూ, అతను పడవ మీద కాలు ఊపుతూ కూర్చునేవాడు. ఎప్పటికో అక్క వచ్చి, బురద చేత్తో మోకాలు అదిమిపెట్టి, "వచ్చేశాంగా, ఇంక ఆపరా" అనేది.

ఇప్పుడు పూడ్చబోతున్న తీరం వాళ్ళ ఊరికి మరీ దూరమేం కాదు. అదే సముద్రం, అవే వేళలు. అమావాస్య నాడు పొద్దున పదింటికి అక్కడ గంప మోయగలిగిన మనిషెవరూ ఒడ్డున ఉండరు.

ఇక్కడితో ఆగినా బాగుండేది. కార్యదర్శి రెండు తేదీలు రాసి పంపితే మొదటిదాని పక్కన టిక్కు పెట్టింది తనే. రెండో తేదీన పార్టీ సమావేశం ఉంది. అందుకే మొదటిది ఎంచుకున్నాడు. అందుకేనా? ఆ కాగితం మీద కలం ఆనిన క్షణాన్ని వెనక్కి లాగి చూసుకున్నాడు. అప్పుడు కూడా కాలు ఊగింది. టీ తాగలేదు కదా, అందుకని అనుకున్నాడు. బుర్రకు తెలియనిది కాలికి తెలిసిందా? లేక బుర్రకూ తెలిసి, కాలి మీదికి తోసేసిందా?

అక్క పాలగిన్నె దించి, చేతులు తుడుచుకుంటూ వచ్చింది.

"సంతకం నీదేనా?"

"నాదే."

"మర్చిపోయావా?"

"ఏమో."

"ఏమో అంటే?"

"ఏమో అంటే ఏమోనే అక్కా! పొద్దున్నే ప్రాణం తీయకు."

ఆమె బోర్లించిన పళ్ళేన్ని కాసేపు చూసింది. "సర్లే, వదిలెయ్. సభలో ఇది ఎవరూ అడగర్లే. వాళ్ళలో బురద తొక్కినవాడు ఎవడున్నాడు గనక?"

ఓదార్చడానికే అంది. అదే ముల్లులా దిగింది.

కారులో కార్యదర్శి పక్కన కూర్చున్నాడు. మాట తూలని మనిషి, ఇస్త్రీ నలగని మనిషి.

"విచారణకి ఎంతమంది వచ్చారు?" అని అడిగాడు మంత్రి.

"అభ్యంతరాలేవీ రాలేదు సార్."

"అభ్యంతరాలు కాదయ్యా. మనుషులు."

"మన అధికారులంతా వచ్చారు సార్. తెప్పించిన టీ మిగిలిపోయింది కూడా." కార్యదర్శి గొంతు సవరించుకున్నాడు. "పద్ధతి ప్రకారం ప్రకటన అంటించాం. హాలు సాయంత్రం దాకా తెరిచే ఉంచాం. రాకపోవడం వాళ్ళ ఇష్టం."

సాయంత్రం దాకా. నీళ్ళు తిరిగొచ్చాక ఒంటినిండా బురదతో, గంపల్లో గుల్లలు బేరగాడికి చేరకముందే చచ్చిపోతాయన్న కంగారుతో, పట్నం బస్సెక్కి వచ్చి నేలకు నున్నటి బండలు పరిచిన ఆ హాల్లో నిలబడే అమ్మను ఊహించుకోబోయాడు. ఊహ గుమ్మం దాటి లోపలికి రాలేదు.

"మళ్ళీ పెట్టొచ్చా?"

"పెట్టొచ్చు సార్. కానీ వచ్చే వారం పునాదిరాయి వేయడానికి పెద్దాయన టైమిచ్చేశారు." ప్రభుత్వాధినేతను అందరూ పెద్దాయన అనే అంటారు. "ఈ రోజు మీ ప్రకటన అయిపోతే లారీలు మట్టి తోలడం మొదలెడతాయి. ఇప్పుడు మళ్ళీ విచారణంటే..." వాక్యం పూర్తి చేయకుండా కిటికీలోంచి బయటికి చూశాడు. తర్వాతి మాట మంత్రి పదవి గురించి కాబట్టి పూర్తి చేయనక్కర్లేదు.

సభలో మంత్రి లేచి నిలబడ్డాడు. ఒక పక్కగా ఉన్న అధికారుల గ్యాలరీలో కార్యదర్శి చీటీలు, కలం సిద్ధంగా పెట్టుకుని కూర్చున్నాడు. కాగితంలోని వాక్యాలు ఒకదాని వెంట ఒకటి నోట్లోంచి అలవాటుగా వెళ్ళిపోతున్నాయి. ప్రజలకు పూర్తి అవకాశం ఇచ్చాం. అది కూడా వెళ్ళిపోయింది.

"విచారణలో ఒక్క..."

మంచినీళ్ళు తాగాడు. కాగితంలోని మాట కళ్ళ ముందే ఉంది. అది అబద్ధం కూడా కాదు. అందుకే దాన్ని పలకడం అంత తేలిక.

"ఒక్క మనిషి కూడా రాలేదు," అన్నాడు.

ఎవరికీ పట్టలేదు. సొంత పార్టీవాళ్ళు మామూలుగా బల్లలు చరిచారు. కార్యదర్శి తల ఒక్కటే పైకి లేచింది.

ప్రతిపక్ష నాయకుడు లేచి కాంట్రాక్టరు ఎవరి బంధువో చెప్పమన్నాడు. మంత్రి కాగితంలో ఉన్న జవాబు చదివాడు. గిడ్డంగులు ఎవరి కోసమని ఇంకొకరు అడిగారు. దానికీ జవాబుంది. కాసేపు అరుపులు. "సిగ్గు, సిగ్గు" అన్నారు గానీ గరిటె దెబ్బల్లో ఉండే పస ఆ అరుపుల్లో లేదు. అడగండ్రా అని లోపల ఒకడు వేడుకుంటున్నాడు. అడక్కండి అని వాడి పక్కనే ఇంకొకడు. ఇద్దరూ ఒకే పడవ మీద కూర్చుని ఉన్నారు.

స్పీకర్ తర్వాతి అంశం కాగితం అందుకున్నాడు. మంత్రికి ప్రాణం తెరిపిన పడింది. ఆ తెరిపి మీద వెంటనే రోత పుట్టింది.

అప్పుడు వెనక వరసలోంచి ఒక చెయ్యి లేచింది. కునుకు తాత. అధికార పార్టీలోనే అందరికంటే ముసలి సభ్యుడు. సభ మొదలవగానే కళ్ళు మూసుకుంటాడని ఆ పేరు. సభంతా గొల్లుమంది.

"నవ్వండి, నవ్వండి. నేను కళ్ళు మూసుకుంటా గానీ చెవులు మూసుకోను, అధ్యక్షా," అన్నాడు తాత. "ఇందాక మంత్రిగారు ఒక్క మనిషి కూడా రాలేదన్నారు. ఎందుకు రాలేదయ్యా?"

ఒక బంట్రోతు వంగి వంగి వచ్చి చీటీ అందించాడు. కార్యదర్శి చేతిరాత. "వివరాలు సేకరించి సభ ముందు ఉంచుతాం అని చెప్పండి సార్." ఆ వాక్యం మీద మంత్రి ఎన్నోసార్లు తల ఆనించాడు. దూది దిండులాంటి వాక్యం. చీటీని నాలుగు మడతలు పెట్టి గుప్పిట్లో నొక్కుకున్నాడు.

"అధ్యక్షా, మేం విచారణ పెట్టిన వేళకి సముద్రం వెనక్కి పోయి ఉంది. అమావాస్య ఆటు. ఆ తీరంలో గుల్లలు ఏరుకునేవాళ్ళంతా అప్పుడు పనిలో ఉంటారు. ఏ నేల గురించి వాళ్ళని అడగాలనుకున్నామో, ఆ నేల మీదే ఉన్నారు. అందుకే హాలుకి రాలేదు." ఊపిరి తీసుకున్నాడు. "ఆ తేదీ ఖాయం చేసింది నేనే. మా అమ్మ ఆ పని చేసేది. నాకు తెలిసుండాలి."

"తెలిసుండాలి అంటే? తెలుసా, తెలియదా?" అన్నాడు తాత. వెటకారం కాదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగాడు.

"అది నాకింకా తేలలేదు అధ్యక్షా."

ప్రతిపక్షం నవ్వింది. ఆ నవ్వు సగంలోనే ఆగిపోయింది. ఎందుకంటే మంత్రి ఇంకా కూర్చోలేదు.

"విచారణ మళ్ళీ జరుపుతాం. ఈసారి పోటు వేళ, ఆ ఒడ్డు మీదే. అది ముగిసేదాకా అక్కడ ఒక్క తట్ట మట్టి కూడా పడదు. ఇది సభకి నా హామీ."

సభలో మంత్రి ఇచ్చిన హామీ రికార్డుకెక్కుతుంది. మంత్రి మారినా కొత్త మంత్రి దానికి జవాబు చెప్పుకోవాలి. ఆ సంగతి కార్యదర్శికి అందరికంటే బాగా తెలుసు. అతను కలానికి మూత పెట్టేశాడు.

వరండాలో పార్టీ విప్ ఎదురొచ్చాడు. "ఏంటన్నా ఇది? ఒక్క ముక్క ముందు చెప్పాలి కదా!" అని, తర్వాత గొంతు తగ్గించి, "పెద్దాయన సాయంత్రం రమ్మన్నారు. రాజీనామా కాగితం టైపు చేయించుకునే రమ్మన్నారు," అన్నాడు.

ఇంట్లో అక్క టీవీ కట్టేసి బల్ల దగ్గర కూర్చుని ఉంది. పళ్ళెం ఇంకా బోర్లించే ఉంది.

"ఏమన్నారు?"

"సాయంత్రం రమ్మన్నారు. కాగితం తెచ్చుకోమన్నారు."

"ఊఁ." ఆమె పళ్ళెం తిరగేసి, తుడిచి, అన్నం వడ్డించింది. గరిటె అతని వైపు తోసింది. "అయితే రేపట్నుంచి ఇది నువ్వు పట్టుకో. మంత్రి వేషం నేను కడతా. ఎన్నాళ్ళని నన్నే అరవమంటావు?"

అతనికి నవ్వొచ్చింది. ముద్ద కలిపాడు గానీ నోట పెట్టుకోలేదు.

"అక్కా, ఆ ముసలాయన అడిగాడు చూడు, తెలుసా తెలియదా అని..."

"విన్నా."

"నీకేమనిపిస్తోంది?"

"నీ లోపల నేను దూరి చూశానా ఏంటి?" అంది ఆమె. "తిను ముందు."

బల్ల కింద కాలు ఊగుతూనే ఉంది. పళ్ళేనికి ఆనిన గరిటె సన్నగా టకటకలాడుతోంది. ఆమె వంగి, తడి చెయ్యి అతని మోకాలి మీద పెట్టి అదిమింది. కాలు ఆగింది. ఈసారి ఆమె "వచ్చేశాంగా" అనలేదు. కాసేపు అలాగే ఉంచి, మజ్జిగ తేవడానికి చెయ్యి తీసింది.

కాలు మళ్ళీ మొదలైంది.